పంచదార బదులు బెల్లం: పసుపుదా, నల్లదా, పొడా? ఏది కొనాలి

భవానీనగర్ వంటిల్లు (తిరుపతి):

అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం, నెలకు నాలుగు కిలోల పంచదార అయిపోతోంది. దాన్ని మానేసి చెరకు బెల్లానికి మారాలనుకుంటున్నాం. ఇక్కడి అంగళ్లలో మూడు రకాలు దొరుకుతున్నాయి. నిమ్మపండు రంగులో మెరిసే అచ్చు బెల్లం, ముదురు గోధుమరంగు ఉండలు, 'నాటు చక్కెర' అని రాసిన పొడి పాకెట్లు. పచ్చగా ఉంటే మందు వేసినట్టని కొందరు, నల్లగా ఉంటే మడ్డి తీయనిదని కొందరు అంటున్నారు. రంగు చూసి కొనొచ్చా, ఇంకేమైనా చూడాలా? కాఫీలో వేస్తే పాలు విరుగుతున్నాయి. సంక్రాంతికి అత్తిరసాలు (అరిసెలు) కూడా చేయాలి. ఇంకొకటి, మా నాన్నకు షుగరుంది. డాక్టరు వద్దన్నది పంచదారనే కదా, బెల్లం తినొచ్చని ఆయన నమ్మకం. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

పెనుమూరు గానుగ:

అక్కా, రంగు ఒక్కటే చూస్తే రెండు వైపులా మోసపోతారు. ఎందుకో తెలియాలంటే ముందు చెరకు రసం కాచే పెనం దగ్గర ఏం జరుగుతుందో తెలియాలి.

చెరకు నరికిన రోజే గానుగ ఆడాలి, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. నరికి పడేసిన కొద్దీ రసంలోని సుక్రోజు, అంటే పంచదారలో ఉండే చక్కెరే, విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. ఈ రెండూ పెరిగిన బెల్లం గట్టిపడదు, రంగు ముదురుతుంది, గాలిలో చెమ్మను లాగేస్తుంది. మంచి చెరకైతే టన్నుకు సుమారు 100 కిలోల బెల్లం దిగుతుంది.

రసం కాగుతుంటే తెర్లక ముందే పైన మురికి తెట్టు కడుతుంది. బెల్లం మంచిదా కాదా అనేది అక్కడే తేలిపోతుంది. సున్నపు తేట పోసి రసంలో పులుపు తగ్గిస్తారు. బెండ మొక్క కాండాలు నలగ్గొట్టి నానబెట్టిన జిగురు నీళ్లు పోస్తే సన్నటి మురికంతా ఆ జిగురుకు అంటుకుని పైకి తేలుతుంది. దాన్ని జల్లిగంటెతో ఓపిగ్గా తీస్తూ పోవాలి. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది, తక్కువైతే మెత్తబడుతుంది. పాకం 118 డిగ్రీలకు వచ్చాక దించి అచ్చుల్లో పోస్తే అచ్చు బెల్లం. 105 దగ్గరే దించేస్తే గట్టిపడదు, తేనెలా పాకంగానే నిలుస్తుంది. 120 దాటించి, చల్లారేటప్పుడు చెక్క పారతో రుద్దుతూ ఉంటే పొడి అవుతుంది. మీరు చూసిన నాటు చక్కెర ఇదే, సరిగ్గా చేస్తే.

ఇక మీరు విన్న ఆ మందు, హైడ్రోసు. సోడియం హైడ్రోసల్ఫైటు పొడి అది. కాగే పాకంలో వేస్తే చూస్తుండగానే నలుపు విరిగి నిమ్మపండు రంగు వస్తుంది, కానీ బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు మిగులుతుంది. అది మిలియన్‌కు 70 భాగాలు మించకూడదని ఆహార భద్రతా నిబంధన ఉంది. కానీ పెనం దగ్గర తూకం వేసి కలిపేవాళ్లు అరుదు, గుప్పెటతో చల్లుతారు. రైతును తప్పుపట్టేముందు ఒకటి చూడాలి. మండీలో పచ్చటి బెల్లానికే ధర. నల్ల బెల్లమంటే సారా కాపుకు పోయేదన్న ముద్ర ఉంది. కొనేవాళ్లు రంగు అడగడం మానితే తప్ప ఆ పొడి పెనం దగ్గరి నుంచి పోదు.

అట్లాగని నల్లదంతా మంచిదనుకోవద్దు. చవుడు నేల చెరకైనా, ఆఖర్లో యూరియా ఎక్కువ వేసినా, చేను పడిపోయినా, మడ్డి సరిగా తీయకపోయినా, పెనం అడుగంటినా బెల్లం నల్లగానే వస్తుంది. చవుడు నేలదైతే నాలుక మీద ఉప్పు తగులుతుంది. 'నల్లది, అందుకే ఆర్గానిక్' అనే మాటకు ఆధారం లేదు.

కొనేటప్పుడు ఒక అచ్చు విరిచి చూడండి. మంచి బెల్లం చేతితో నొక్కితే సాగదు, టక్కున విరుగుతుంది. విరిగిన చోట సన్నటి పలుకులు ఎండకు మెరుస్తాయి. రంగు బంగారు గోధుమ నుంచి లేత మట్టి రంగు దాకా ఎక్కడైనా ఉండొచ్చు, కానీ పైనా లోపలా ఒకేలా ఉండాలి. హైడ్రోసు తెచ్చిన రంగు నిలవదు. నెలలు గడిచేకొద్దీ గాలి తగిలిన పైభాగం ముందు నల్లబడుతుంది, లోపల పచ్చగానే ఉంటుంది. విరిస్తే ఆ తేడా కనబడుతుంది. పెద్ద పెద్ద గాజు పలుకులు ఉండి, చెరకు వాసన లేకుండా ఉత్త తీపే ఉంటే పాకంలో పంచదార కలిపి ఉండొచ్చు.

ఇంటికి తెచ్చాక ఇంకో పరీక్ష. 50 గ్రాములు 200 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో కరిగించి, గాజు గ్లాసులో కదపకుండా 15 నిమిషాలు ఉంచండి. అడుగున నాలుగు పిప్పి పోగులు, కొద్దిగా మట్టి చేరడం మామూలే, గుడ్డలో వడగడితే పోతాయి. తెల్లటి బురద వేలి మందాన పేరుకుంటే సున్నమో, సుద్దో ఎక్కువైందని అర్థం. నీళ్ల మీద గంధకం వాసన వస్తే ఆ అంగడి మార్చేయండి.

కొర్లగుంట డైట్:

మీ నాన్నగారి సంగతి ముందు తేల్చుకోండి మేడమ్, మిగతావన్నీ తరవాత. షుగరున్నవాళ్లకు బెల్లం పంచదారకు ప్రత్యామ్నాయం కాదు. బెల్లంలోనూ అత్యధిక భాగం సుక్రోజే, మిగిలినదాంట్లో చాలావరకు గ్లూకోజు, ఫ్రక్టోజు. రక్తంలో చక్కెర దాదాపు అంతే వేగంగా, అంతే ఎత్తుకు పెరుగుతుంది. 'సహజం' అన్న మాట ప్యాంక్రియాస్‌కు తెలియదు. మందులు వేసుకుంటూ బెల్లం కాఫీ రోజుకు మూడుసార్లు తాగితే, పంచదార కాఫీ మూడుసార్లు తాగినట్టే లెక్క.

ఐరన్ ఉంది కదా అంటారు, ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చెరకు బెల్లంలో సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు. మనం కాఫీలో వేసుకునేది పది గ్రాములు, అంటే అర మిల్లీగ్రాము కూడా కాదు. ఐరన్ కోసం బెల్లం తినడం కంటే గుప్పెడు ఆకుకూర, రాగి సంగటి, పక్కన ఒక నిమ్మబద్ద మేలు. కేలరీల్లో కూడా పెద్ద తేడా లేదు: పంచదార 100 గ్రాములకు దాదాపు 400, బెల్లం 350–380.

మిగతా ముగ్గురూ మారాలనుకుంటే హాయిగా మారండి. రుచికి మారండి, వాసనకు మారండి. మోతాదు మాత్రం మార్చకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది రోజువారీ శక్తిలో కలుపుకునే చక్కెరలు 10 శాతం మించకూడదని, వీలైతే 5 శాతం లోపు, అంటే సుమారు 25 గ్రాములు. ఆ లెక్కలో బెల్లం, తేనె కూడా ఉన్నాయి. మీ ఇంట్లో నెలకు నాలుగు కిలోలు అంటే మనిషికి రోజుకు 33 గ్రాములు. పంచదార తగ్గిన చోట బెల్లం పెరిగితే లాభం సున్నా.

కిడ్నీ సమస్య కూడా ఉంటే బెల్లంలో పొటాషియం ఉంటుంది, పంచదారలో లేనట్టే. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

భవానీనగర్ వంటిల్లు (తిరుపతి):

చాలా థ్యాంక్స్ అండి. రోజుకు 33 గ్రాములని ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. నాన్నకు ఇది చదివి వినిపిస్తాను. కాఫీ, అత్తిరసాల గురించి ఎవరైనా చెప్పగలరా?

పుత్తూరు పాకం:

ముందు పాల సంగతి. బెల్లం కొంచెం పుల్లగుంటుంది, పాతబడితే ఇంకా పెరుగుతుంది. పైగా అందులో ఖనిజ లవణాలున్నాయి. తెర్లుతున్న పాలలో ఈ రెండూ పడితే పాల ప్రొటీను గడ్డకడుతుంది. వేడి ఎంత ఎక్కువుంటే అంత తొందరగా విరుగుతుంది. కాబట్టి కాఫీకి బెల్లం పొడిని డికాక్షన్‌లో కలపండి, పాలను విడిగా కాచి పొయ్యి దించి రెండు నిమిషాలయ్యాక పోయండి. బెల్లం వేశాక మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. చెంచా పంచదార 5 గ్రాములైతే అంతే తీపికి బెల్లం 6 గ్రాములు పడుతుంది.

పాయసానికీ ఇదే పద్ధతి. బియ్యం పాలలో మెత్తగా ఉడికి, దించి పది నిమిషాలు ఆరాక, వడగట్టి చల్లార్చిన బెల్లం పాకం కలపండి. చక్కెర పొంగలికి గిన్నెడు బియ్యం, పావు గిన్నె పెసరపప్పు, గిన్నెన్నర బెల్లం తురుము. అన్నం పూర్తిగా ఉడికాకే బెల్లం వేయాలి. ముందే వేస్తే గింజ నీళ్లు పీల్చుకోలేక పలుకు మిగిలిపోతుంది, ఆ తరవాత గంటసేపు ఉడికించినా అది మెత్తబడదు.

అత్తిరసాలకు పొడి వద్దు, పచ్చటి మెరుపుదీ వద్దు. విరిస్తే పలుకు కనబడే గట్టి అచ్చు బెల్లం తీసుకోండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు వార్చి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. పిండి పిడికిట్లో పట్టుకుంటే ముద్ద నిలవాలి, అంత తడి ఉండాలి. బెల్లంలో ఒక గ్లాసు నీళ్లు పోసి కరిగించి, వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పళ్లెంలో చన్నీళ్లు పక్కనే ఉంచుకుని, పాకం రెండు చుక్కలు వేసి వేళ్లతో దగ్గరికి తీయండి. నీళ్లలో చెదిరిపోతే లేత. దగ్గరికి వచ్చి మెత్తటి గోలీలా ఉండ కట్టి, నొక్కితే అణిగితే అదే ఉండ పాకం. పళ్లానికి కొడితే ఠంగుమంటే ముదిరిపోయింది. ఉండ పాకం రాగానే దించేసి, నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. పాకం లేతదైతే నూనెలో అత్తిరసం విడిపోతుంది. ముదిరితే మరుసటి రోజుకు రాయి. పాకం సరిగ్గానే ఉన్నా తొందరగా నల్లబడి, లోపల బంక బంకగా ఉంటే తప్పు మీది కాదు, పైన గానుగ అన్న చెప్పిన మెత్తటి బెల్లం అది. దాన్ని చలిమిడికి వాడేయండి.

పెనుమూరు గానుగ:

నిల్వ గురించి అక్క అడగలేదు గానీ అవసరం. బెల్లం గానుగలు ఆడేది ప్రధానంగా చలికాలం నుంచి వేసవి మొదలు దాకా. ఏడాదికి కావలసింది మార్చి లోపు కొనేయండి. కొత్త బెల్లం రెండు గంటలు నీడలో ఆరబెట్టి, పిడికెడేసి ముక్కలు చేసి, ఒక్కో కిలో గాలి చొరని డబ్బాల్లో పెట్టండి. ఒక్క పెద్ద డబ్బాలో పెడితే రోజూ తెరవాలి, వానాకాలం గాలి మొత్తానికీ తగులుతుంది. ఫ్రిజ్‌లోనూ పెట్టొచ్చు, కానీ బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే బెల్లం మీద నీటి బొట్లు కడతాయి. చెమ్మ పట్టి కారడం మొదలైనది మళ్లీ కాచి గట్టిచేయాలని చూడకండి, కాచిన కొద్దీ ఇంకా మెత్తబడుతుంది. పాకంగా మార్చి తొందరగా వాడేసుకోండి. అన్నిటికంటే పొడి ఎక్కువ కాలం నిలుస్తుంది, తేమ 2 శాతం లోపుకు ఆరబెట్టి ఉంటే. పాకెట్ కదిపితే ఇసుకలా జారాలి, గడ్డలుండకూడదు.

నమ్మకం కుదరకపోతే, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో సెక్షన్ 40 ఉంది. కొన్నవాళ్లు ఎవరైనా రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, కొనేటప్పుడే అంగడివాళ్లకు ఆ మాట చెప్పాలి. సల్ఫర్ డయాక్సైడు ఎంతుందో అంకెతో సహా తేలేది ఆ కాగితం మీదే, నా కంటితోనో మీ కంటితోనో కాదు. చెరకు రకాలు, బెల్లం తయారీ మీద ఇంకా సందేహాలుంటే తిరుపతి దగ్గరే పెరుమాళ్లపల్లెలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, అక్కడ అడగండి.

భవానీనగర్ వంటిల్లు (తిరుపతి):

అన్నా, ఇప్పుడే గ్లాసు పరీక్ష చేశాను. పచ్చటి అచ్చు అడుగున సన్నటి తెల్ల పొర కట్టింది, పైన నీళ్లు కల్లు రంగులో ఉన్నాయి. ముదురు ఉండ నీళ్లు తేటగా టీ రంగులో ఉన్నాయి, అడుగున పిప్పి పోగులు ఐదారు. ఆ ఉండనే విరిస్తే పలుకు మెరుస్తోంది. అత్తిరసాలకు అదే ఖాయం చేశాను.

పెనుమూరు గానుగ:

అదే తీసుకోండి. పండగకు పది రోజుల ముందే పావు కిలోతో ఒక విడత చేసి చూడండి. ఒకే అంగట్లోనైనా వారం వారం సరుకు మారుతుంది, ఈ ఉండ మంచిదైనంత మాత్రాన వచ్చేవారం బస్తా అదే కాదు. నచ్చితే అదే బస్తా నుంచి మిగతాది తూకం వేయించి తెచ్చుకోండి.