హాస్టల్ నవల రాస్తున్నాను, మీ గురుకులం రోజుల్లో ఎవరు గుర్తున్నారు?

మూసీగట్టు:
అందరికీ నమస్కారం. పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లల కోసం ఒక నవల రాస్తున్నాను. దేవరకొండ దగ్గర ఆడపిల్లల గురుకులంలో జరిగే కథ, ఆరు అధ్యాయాలు అయ్యాయి. మొన్న మొదటి నుంచి చదువుకుంటే దిగులేసింది. కొత్తగా చేరిన అమ్మాయి, ప్రాణస్నేహితురాలు, అస్సలు పడని క్లాస్‌మేట్, కోపిష్టి వార్డెన్, రాత్రిపూట ఎవరూ పోని గది. అందరూ నేను చదివిన ఇంగ్లీషు బోర్డింగ్ స్కూల్ నవలల్లోని వాళ్లే, పేర్లు మాత్రం మారాయి. ఆ నవలల్లో పిల్లల్ని బోర్డింగ్‌కు పంపేది ఎక్కువగా డబ్బున్నవాళ్లు. మన దగ్గర ఇంట్లో గడవకపోతేనే కదా అంత చిన్న పిల్లతో ఐదో తరగతి ఎంట్రన్స్ రాయించి పంపేది! ఈ ఒక్క తేడాతో కథంతా మారాలి, నాది మారలేదు. నేను హాస్టల్లో ఉండి చదవలేదు. మీకు ఎవరు గుర్తున్నారో, ఏది మర్చిపోలేకపోతున్నారో రాయండి. మనుషుల పేర్లు వద్దు. తప్పు జరిగిన చోటైతే స్కూలు పేరు కూడా వద్దు.

కందనూలు పిల్ల:
అక్కా, ముందు ట్రంకు పెట్టె పెట్టండి కథలో. మంచం కింద రేకు పెట్టె, దానికో చిన్న తాళం, చెవి నల్లదారానికి కట్టి మెడలో. సబ్బు, కొబ్బరినూనె, మామిడి తొక్కు, పల్లీల పొడి అన్నీ అందులోనే. మూత తీస్తే మా ఇంటి వాసన వచ్చేది, నెల తిరిగేసరికి అది పోయి సబ్బు వాసన మిగిలేది. మా డార్మెటరీలో ఒకమ్మాయి పెట్టెకు తాళం వేసేది కాదు. ఎవరినీ అనుమానించదు, మంచి పిల్ల అనుకునేవాళ్లం. ఎనిమిదో తరగతిలో తనకు జ్వరమొస్తే బట్టలు తీద్దామని నేను ఆ పెట్టె తెరిచాను. రెండు జతల యూనిఫాం, ఒక టవల్, అంతే. ఆ రోజు నుంచి నా తొక్కు సీసా తన పెట్టెలో పెట్టాను, తాళం కొనిపెట్టి చెవి కూడా తనకే ఇచ్చాను. మేమిద్దరం దాని గురించి ఇప్పటికీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ప్రాణస్నేహం రాయాలంటే ఇట్లాంటిది రాయండి, మా దగ్గర మాటలతో తేలేవి కావు స్నేహాలు.

కృష్ణ అవతల:
ఇంటి మీద బెంగ అని అందరూ రాస్తారు. నాది తలకిందుల బెంగ. మాది మక్తల్ వైపు. అమ్మానాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి, పుణె పోయేవాళ్లు, బిల్డింగు పనులకు. నన్ను గురుకులంలో వేసింది చదువుకోవాలనే, కాదనను, కానీ వెంట తీసుకుపోతే ఇసుక కుప్పల మీద పెరుగుతానన్న భయం కూడా ఉంది. సెలవులు వస్తున్నాయంటే నాకు కడుపులో తిప్పేది. హాస్టల్ మూస్తారు, ఊళ్లో ఇంటికి తాళం. నాయనమ్మ ఉన్నన్ని రోజులు సరే, ఆమె పోయాక ఒక సంక్రాంతికి మేనత్త ఇల్లు, ఇంకో సంక్రాంతికి దోస్తు ఇల్లు. దోస్తు వాళ్లమ్మ వాడితో పాటు నాకూ అంగీ కుట్టించింది, ఇద్దరిదీ ఒకటే బట్ట.

రెండో ఆదివారం పేరెంట్స్ వచ్చే రోజు. గేటు దగ్గర టిఫిన్ డబ్బాలు, చెట్ల కింద చాపలు, తమ్ముళ్లు చెల్లెళ్లు. నేను పొద్దున్నుంచి నల్లా దగ్గర బట్టలు ఉతికేవాణ్ని, ఉతికినవే మళ్లీ. గేటు వైపు చూడకుండా ఉండాలంటే చేతికి పని కావాలి. అక్కడ నాతో పాటు ఇంకో నలుగురైదుగురు ఉండేవాళ్లు, మేం ఒకరినొకరు ఏమీ అడిగేవాళ్లం కాదు. అక్కా, మీ నవలలో రెండో ఆదివారం ఉంటే ఆ నల్లా దగ్గరికి ఒకసారి రండి.

మూసీగట్టు:
తమ్మీ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను రాసిన సెలవుల అధ్యాయంలో అందరూ సంతోషంగా బస్సెక్కారు.

చలకుర్తి బ్యాచ్:
నాది నవోదయ, కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి. ఆరులో చేరాను. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని హౌస్‌లు ఉంటాయి, ఆటల్లో పోటీ గట్టిగానే ఉండేది, కానీ మా అసలు కథ తొమ్మిదిలో. 30 శాతం మందిని ఏడాది పాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. మాది మర్రిగూడ మండలం, ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి పెరిగిన పళ్లు, పసుపు మచ్చలు, అంచులు గోధుమరంగు. మా ఊళ్లో అందరివీ అంతే కాబట్టి నాకు అది లోపమని తెలియదు. అక్కడికి పోయిన మొదటి వారం ఒకడు గుట్కా తింటావా అని అడిగాడు. నవ్వడం మానేశాను. ఆ ఏడాది గ్రూప్ ఫోటోల్లో నా నోరు మూసే ఉంటుంది.

సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఏదో ఒకటి చేయాలంటే నల్గొండ టెక్నిక్ చేశాను. రెండు బకెట్లు, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. నీళ్లలో కలిపి తిప్పితే ఫ్లోరైడ్ అడుగున మడ్డితో పాటు దిగిపోతుంది, పైన తేటనీళ్లు వంపుకోవాలి. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు రూపొందించిన పద్ధతి, దానికి మా జిల్లా పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో చెప్తూ నా పళ్లే చూపించాను. మా నాయన నడుము వంగడం, మా పెద్దమ్మ లేవలేకపోవడం అన్నీ చెప్పాను, నాకు వచ్చిన హిందీలో. గుట్కా అడిగినవాడే సాయంత్రం బకెట్లు కడగడానికి వచ్చాడు. వాణ్ని విలన్ అని రాయకండి. వాడికి తెలియదు, అంతే.

టీచరమ్మ:
నేను పదకొండేళ్లు గురుకులంలో తెలుగు చెప్పాను, హౌస్ డ్యూటీ చేశాను. అమ్మా, వార్డెన్‌ను రాక్షసిని చేయకు. మా పిల్లలను మా అత్తగారి దగ్గర వదిలి వీళ్ల మంచాల మధ్య టార్చితో తిరిగేవాళ్లం. ఆరో తరగతి పిల్లకు మొదటిసారి నెలసరి వస్తే అమ్మ ఉండదు, వణికిపోతుంది. ఆ రాత్రి దగ్గర కూర్చునేది ఎక్కువసార్లు ఆయమ్మే. ఆమె లేకుండా ఆడపిల్లల హాస్టల్ కథ ఎట్లా రాస్తావు?

కందనూలు పిల్ల:
మేడం, మీలాంటివాళ్లు ఉన్నారు, నిజం. కానీ నేను మొదట చదివిన చోట, పేరు చెప్పను, పప్పులో పప్పు వెతుక్కోవాల్సి వచ్చేది. పై ఆఫీసుకు ఉత్తరం రాసిన తొమ్మిదో తరగతి అక్కకు నెలంతా నరకం చూపించారు. ఆ అక్క కూడా కథలో ఉండాలి.

టీచరమ్మ:
ఉండాలి బిడ్డా. భయపడి సంతకం పెట్టకుండా తప్పుకున్న టీచర్ కూడా ఉండాలి. అట్లాంటివాళ్లం కూడా ఉన్నాం.

తండా బిడ్డ:
రెండు మాటలు అక్కా. ఒకటి, భాష. నేను ఐదులో చేరినప్పుడు నాకు తెలుగు సగమే వచ్చు, ఇంట్లో మా లంబాడీల గోర్ భాషే. నిద్రలో యాడీ, అంటే అమ్మా, అని పిలిస్తే పక్క మంచాలవాళ్లు నవ్వేవాళ్లు. పండుగ రోజున మా తీజ్ పాట పాడమని టీచర్ అడిగేదాకా ఆ భాష దాచుకున్నాను. బయట కూడా అంతే, ఏ హాస్టల్లో చదివావు అని అడిగితే అది కులం అడగడమే, సమాధానం చెప్పగానే మొహాలు మారడం చూశాను.

రెండోది దీనికంటే ముఖ్యం నాకు. 2014లో మన గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి గుట్ట మీదే మొదట ట్రైనింగ్. మేమెంత గర్వపడ్డామో చెప్పలేను, ఆ రోజు పడుకోలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి అతిథీ నువ్వేం అవుతావు, కలెక్టరా, డాక్టరా అని అడిగేవాళ్లు. నాకు మార్కులు మామూలుగా వచ్చేవి. ఇప్పుడు దేవరకొండలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను, నా బిడ్డకు నేనే లెక్కలు చెప్తాను. నా బతుకు బాగుంది. చివరి పేజీలో హీరోయిన్ ఐఏఎస్ అయ్యే నవలలు చదివినప్పుడల్లా నాలాంటి పిల్ల ఎక్కడ పోయిందా అనిపిస్తుంది.

మూసీగట్టు:
చెల్లె, నా నవల చివరి అధ్యాయం ప్లానులో సివిల్స్ ఇంటర్వ్యూ ఉంది. తీసేస్తున్నాను. తాళం లేని పెట్టె పిల్లను ముందుకు తెస్తాను, కథ చెప్పేది తనే. ఇంకొక్కటి అడగాలి. పొద్దున లేపే గంట ఎట్లా ఉండేది? నేను ఎలక్ట్రిక్ బెల్ అని రాశాను.

సర్వేల్ పాతకాపు:
మాది సర్వేల్, 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన బడి, ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకులం. నేను కొన్నేళ్ల తర్వాత చేరాను. మాకు చెట్టు కొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్క, ఇనుప కడ్డీతో కొట్టేది. ఆ వారం డ్యూటీ పిల్లవాడు అందరికంటే ముందు చీకట్లో లేవాలి. నా వంతు వచ్చినప్పుడు మొదటి దెబ్బ మెల్లగా కొట్టేవాణ్ని, మా గదిలో చిన్నపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారని.