స్టేషన్ మాస్టర్ నుంచి ఆఫీసర్ హోదాకు: సీనియారిటీ కోసం ఆగాలా, ఎల్‌డీసీఈ రాయాలా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. కాజీపేట–బల్లార్షా సెక్షన్‌లోని ఒక చిన్న స్టేషన్‌లో ఆరేళ్లుగా స్టేషన్ మాస్టర్‌గా పనిచేస్తున్నాను. పాయింట్స్‌మన్‌గా రిటైరైన మా బాపు నన్ను ఆఫీసర్‌గా చూడాలని ఆశపడుతున్నారు. అసిస్టెంట్ ఆపరేషన్స్ మేనేజర్ పోస్టుకు సీనియారిటీ ప్రకారం పిలుపు వచ్చేదాకా ఆగాలా, లేక డిపార్ట్‌మెంటల్ పోటీ పరీక్ష ఎల్‌డీసీఈ ఇప్పుడే రాయాలా? రాత్రి డ్యూటీల వల్ల చదువు సాగడం లేదు.

జవాబు (విశ్రాంత ట్రాఫిక్ అధికారి, హనుమకొండ):
ఆగకండి. మీరు అడిగిన పోస్టు ఉండే గ్రూప్-బి (ఆఫీసర్ హోదాలో తొలి మెట్టు) ఖాళీల్లో 70 శాతాన్ని సీనియారిటీ పరిధిలోకి వచ్చినవారికి జరిపే సెలెక్షన్ ద్వారా, 30 శాతాన్ని ఎల్‌డీసీఈ ద్వారా నింపుతారు. ఆరేళ్ల సర్వీసుతో మొదటి దారిలో మీ వంతు ఇప్పట్లో రాదు. రెండో దారికి వేతన స్థాయి లెవెల్-6లో ఐదేళ్లు నిండాలి. స్టేషన్ మాస్టర్ ఉద్యోగం మొదలయ్యేదే ఆ లెవెల్‌లో కాబట్టి మీకు అర్హత ఉంది.

నేను మొదటిసారి రైళ్లు నడిపే నియమాల పుస్తకం జనరల్ అండ్ సబ్సిడియరీ రూల్స్ మొత్తం కంఠతా పట్టి, రాతపరీక్ష గట్టెక్కి, వైవాలో (ఇంటర్వ్యూలో) పోయాను. బొగ్గు రేక్ (గూడ్స్ బండి) మీ స్టేషన్ లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద, రెండు గంటలు ఎందుకు ఆగిందని అడిగితే, కంట్రోల్ (రైళ్ల రాకపోకలను నియంత్రించే ఆఫీసు) వాళ్లు ఆపమన్నారని చెప్పాను. అధికారి కావాలనుకునేవాడు చెప్పవలసిన జవాబు అది కాదు. వెనుక వచ్చిన ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ఎన్ని నిమిషాలు పోయాయి, అప్పటికి లోకో పైలట్ డ్యూటీ గంటలు ఎన్ని మిగిలాయి, వేరే సిబ్బందిని ఏ వేళకు అడిగి ఉండాల్సింది, ముందు స్టేషన్‌లో లైన్ ఖాళీగా ఉందా అన్నవి విడివిడిగా నాకు తెలిసినవే. వాటిని కలిపి ఎన్నడూ ఆలోచించలేదు. ఆ తర్వాత ఏడాది పాటు రాత్రి డ్యూటీ దిగే ముందు ఏదో ఒక రేక్ ఆలస్యాన్ని నిమిషాల వారీగా నోటుబుక్కులో రాసుకున్నాను. రెండోసారి ఎంపికయ్యాను. పుస్తకం పట్టే ఓపిక లేని రోజున మీరు ఈ పని చేయండి, అది కూడా చదువే.

జవాబు (సెక్షన్ కంట్రోలర్, సికింద్రాబాద్):
ఎంపికైతే జోన్‌లో ఎక్కడికైనా, నాందేడ్ డివిజన్‌కైనా పంపవచ్చు. పిల్లల చదువుల సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. గ్రూప్-బిలో ఎంత తొందరగా చేరితే, దాని పైనున్న గ్రూప్-ఎలోకి వెళ్లాక పై స్కేళ్లకు అంత సర్వీసు మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి రామగుండం వైపు వెళ్లే ఖాళీ రేక్ ఒకటి మా దగ్గర 50 నిమిషాలు నిలిచింది. మొదటి పేజీ దానితోనే మొదలుపెట్టాను. 22 నిమిషాలకు లెక్క తేలింది. మిగతావాటి గురించి ఈ రాత్రి కంట్రోల్‌ను అడుగుతాను.