బర్మీస్ ‘లే’, అచాంగ్ ‘మి’, మారూ ‘బిత్’ – మూడూ ఒకే నాలుగా?

మొన్న అంకెల థ్రెడ్‌లో ఒకరు బర్మీస్ లెక్క పెట్టారు కదా, తిత్, హ్నిత్, థౌన్, లే, ఙా అని. దాని కింద ఇంకొకరు, చైనా యునాన్‌లో అచాంగ్ వాళ్ళు నాలుగుని ‘మి’ అంటారు, బర్మా ఉత్తరాన కచిన్ కొండల్లో మారూ వాళ్ళు ‘బిత్’ అంటారు, ఈ భాషలన్నీ బర్మీస్‌కి చుట్టాలంటే ఎలా నమ్మమంటారు అని అడిగి మాయమైపోయారు. జవాబు రాయడం మొదలుపెడితే చాంతాడంత అయింది, అందుకే విడిగా పెడుతున్నా.

అసలు విషయానికి ముందు ఒక ముక్క. క ఖ గ ఘ ఙ అని బళ్ళో పాడటమే తప్ప ఙతో మొదలయ్యే తెలుగు మాట మనకి ఒక్కటి లేదు, మాట మధ్యలో వచ్చినా సున్నా పెట్టేసి కానిచ్చేస్తున్నాం. ఈ భాషలకి మాత్రం అది లేనిదే పొద్దు గడవదు. బర్మీస్‌లో ఐదు ‘ఙా’, అచాంగ్‌లోనూ, ఆ పక్కనే ఉండే జైవా వాళ్ళ భాషలోనూ ‘ఙో’. అంతెందుకు, అచాంగ్ వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరే ‘ఙచాంగ్’, సర్కారు పేరులో ఆ ఙ కాస్తా ఎగిరిపోయి అచాంగ్ అయింది. ఇంగ్లీషులో ఎన్ పక్కన జి పెట్టి కుస్తీ పడాలి గానీ మనకి అక్షరమే ఉంది, వాడుకుందాం.

ఇక నాలుగు. ఐదు చూడగానే చుట్టరికం తెలిసిపోతుంది, నాలుగు దగ్గరే తికమక. లే, మి, బిత్ మూడిట్లోనూ ఒక్క హల్లు కూడా కలవదు. కానీ కొంచెం పక్కకి వెళ్ళి చూడండి, మిజో వాళ్ళు ‘పలి’ అంటారు, కచిన్ కొండల జింగ్‌పో వాళ్ళు ‘మలి’, మణిపురిలో ‘మరి’ (అవునండీ, మరి అంటే అక్కడ నాలుగు, ఇంఫాల్ బజార్లో మన ఊతపదం వాడితే నాలుగు పొట్లాలు కట్టిచ్చినా ఇచ్చేస్తారు). టిబెటన్‌లో నోటితో ‘షి’ అనేస్తారు గానీ రాతలో దాని ముందు ఒక బ ఇప్పటికీ ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెడితే వీటన్నిటి వెనకా ‘బ్-లి’ లాంటి పాత రూపం ఒకటి ఉండాలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే ముందు పెదాలతో పలికే ఒక శబ్దం, వెనక ల. బర్మీస్ ముందుదాన్ని వదిలేసి లని ఉంచుకుంది, ‘లే’. అచాంగ్ పెదాల శబ్దాన్ని ఉంచుకుని లని మింగేసింది, ‘మి’. జైవా కూడా అదే దారి, ‘మ్యి’. ఇద్దరూ ఒకే సొత్తులో చెరో సగం పట్టుకెళ్ళారు కాబట్టి ఇప్పుడు పోల్చితే ఏమీ కలవట్లేదు.

ఇది నమ్మశక్యంగా లేదనుకుంటే మన ఇంట్లోనే చూసుకోండి. తమిళంలో ఉరల్, మనకి రోలు. తమిళంలో ఇరండు, మనకి రెండు. తెలుగు మొదటి అచ్చుని ర వెనక్కి నెట్టేసిందన్న సంగతి తెలియనివాడికి ఉరల్‌కీ రోలుకీ చుట్టరికం ఏం కనపడుతుంది?

మరి ‘బిత్’లో ఆ త్ ఎక్కడిది అంటే అదే మారూ వాళ్ళ ప్రత్యేకత. పాత భాషలో అచ్చుతో ఆగిపోయిన మాటలు కొన్నిటికి వీళ్ళు చివర త్, క్ తగిలించారు. నాలుగు ‘బిత్’, తొమ్మిది ‘గుక్’, బర్మీస్‌లో ఆ తొమ్మిది ఉత్త ‘కో’. సాధారణంగా ప్రపంచంలో చివరి హల్లులు అరిగి రాలిపోతుంటాయి, ఇక్కడ కొత్తగా మొలిచాయి, 1966లోనే ఒక అమెరికన్ భాషాశాస్త్రవేత్త దీని మీద వ్యాసం రాశారు. మనం బస్‌ని బస్సు చేసి, లైట్‌ని లైటు చేసి, ఏ మాటా హల్లుతో ఆగకుండా చూసుకుంటాం, వాళ్ళు సరిగ్గా ఎదురుదారిలో వెళ్ళారు.

ఇంకో మాట ఆరు. బర్మీస్ లిపిలో ఆరుని రాసిన అక్షరాల్ని ఉన్నదున్నట్టు చదివితే ‘ఖ్రోక్’ అని వస్తుంది, కానీ యాంగోన్‌లో (పాత రంగూన్) ఎవర్నడిగినా ‘చౌ’ అని గొంతు దగ్గర టక్కున ఆపుతారు. బర్మా పాత రాజధాని పగాన్ దగ్గర దొరికిన మ్యజేది శాసనం కాలానికి, అంటే 12వ శతాబ్దం మొదట్లో, రాతకీ నోటికీ ఇంత ఎడం లేదు. యునాన్‌లో హూసా లోయ అచాంగ్‌ వాళ్ళ ఆరు వింటే ఆ ఖ్ర ఇంకా గరగరలాడుతూ వినిపిస్తుంది. వాళ్ళ ఏడు ఇంకా బాగుంటుంది, ‘హ్నిత్’ అని రాస్తున్నా గానీ అది హ తర్వాత న కాదు. నాలుక న అనే చోటే పెట్టి, గొంతు మోగించకుండా, ఉత్త గాలిని ముక్కులోంచి వదిలి, ఆ తర్వాత అచ్చులోకి రావాలి. ప్రయత్నించండి, ఇంట్లోవాళ్ళు జలుబు చేసిందా అని అడిగితే సరిగ్గా పలికినట్టే.

ఈ హూసా వాళ్ళ గురించి రెండు ముక్కలు. దేహోంగ్ అనే స్వయంపాలిత ప్రాంతం, బర్మా సరిహద్దు, అందులో లొంగ్‌చువాన్ జిల్లా. బౌద్ధులు, కత్తులకి పేరు, అక్కడి కమ్మరిపని 2006లో చైనా జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, ఒక ఊరు కొడవళ్ళు చేస్తే ఇంకో ఊరు ఒరలు చేస్తుంది, అలా పంచుకున్నారు. 2010 లెక్కల్లో అచాంగ్‌లు అందరూ కలిపి దాదాపు 39,500. హూసాలో భాష గట్టిగానే ఉంది, లియాంగ్‌హ జిల్లాలో అచాంగ్ పిల్లలు చైనీస్‌లోకి జారిపోతున్నారు.

కామెంట్: అంటే ఇవన్నీ బర్మీస్ యాసలే కదండీ, మనకి శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస ఉన్నట్టు. వేరే భాష అని పెద్ద పేరెందుకు?

జవాబు: కాదండీ. యాస అంటే మాట్లాడుకుంటే అర్థం కావాలి. మాండలే మనిషిని తీసుకెళ్ళి హూసాలో కూర్చోబెడితే అంకెల్లో నాలుగైదు పోల్చుకుంటాడేమో, అంతే. పైగా ఇవి బర్మీస్ లోంచి పుట్టలేదు, బర్మీస్‌తో పాటు పుట్టాయి. ఒకటి రాజ్యం కట్టి శాసనాలు చెక్కించుకుంది, మిగతావి కొండల మీదే ఉండిపోయాయి, అంతమాత్రాన రాజుగారి తమ్ముడు రాజుగారి కొడుకు అయిపోడు. నాలుగులో పెదాల శబ్దం బర్మీస్ రాతలో లేదు, ఈ చిన్న భాషల నోట్లోనే ఉంది. యాస అని కొట్టిపారేసేవాళ్ళు ఇదొక్కటి ఆలోచిస్తే చాలు.

కామెంట్: తెలింగ నుంచే తలైంగ్ (బర్మాలో మోన్ జనానికి పాత పేరు) వచ్చింది, బర్మాకి నాగరికత మన వాళ్ళే నేర్పారు. ‘నాలుగు’లో లు తీసుకుంటే ‘లే’ రాలేదని గ్యారంటీ ఏంటి?

జవాబు: గురువుగారూ, అలా అక్షరం గిల్లి తీసుకుంటే దేన్నుంచి ఏదైనా వస్తుంది. మన నాలుగులో అసలు సరుకు ‘నాల్’, తమిళంలో నాన్గు, గోండిలో నాలుంగ్, ఎక్కడా న పోలేదు. తలైంగ్ సంగతి వేరే పెద్ద గొడవ, పండితులే ఒప్పుకోలేదు, దాన్నిక్కడికి లాగొద్దు. నిజంగా మనకీ బర్మీస్‌కీ ఉన్న అంకె చుట్టరికం కావాలంటే ఉంది, నాలుగులో కాదు, సున్నాలో. బర్మీస్‌లో సున్నాని ‘థౌన్‌ఞ’ అంటారు, పాలీ సుఞ్ఞ నుంచి తెచ్చుకున్నది, మన సున్న కూడా ఆ శూన్యం సంతానమే. కోటిని ‘కుడే’ అంటారు, అదీ పాలీ కోటే. మధ్యలో లెక్కంతా ఇంటిది, రెండు చివర్లూ మన వైపు నుంచి వెళ్ళాయి.

కామెంట్: అంతరించిపోతున్నవి అని గ్రూపులో ఊరికే వాడేస్తుంటారు. 39 వేలు ఉంటే అంతరించడం ఏంటి సార్?

జవాబు: మంచి ప్రశ్న, పోస్ట్‌లో ఇది వదిలేశాను. అచాంగ్ అని సర్కారు లెక్క కట్టే వాళ్ళలోనే షియెన్‌దావ్ అని ఒక చిన్న గుంపు ఉంది, యింగ్‌జియాంగ్ జిల్లాలో. వాళ్ళ భాష అచాంగ్‌కి దగ్గరే గానీ వేరు. ఈ శతాబ్దం మొదట్లో చైనా భాషాశాస్త్రజ్ఞులు వెళ్ళి లెక్కపెడితే మొత్తం మనుషులు 76. మాట్లాడేవాళ్ళు కాదు, మొత్తం మనుషులు. మన దగ్గర ఒక పెళ్ళికి మగపెళ్ళివారి బస్సు రెండు ట్రిప్పులు. రెండు ఊళ్ళలో ఉన్నారు. ఒక ఊరు మాంగ్‌మియెన్, చుట్టూ హాన్ చైనీయులు, అక్కడివాళ్ళు చైనీస్‌లోకి వెళ్ళిపోయారు. ఇంకో ఊరి పేరు షియెన్‌దావే, చుట్టూ జింగ్‌పో వాళ్ళు, అక్కడివాళ్ళు జింగ్‌పోలోకి వెళ్తున్నారు. ఒకే భాష, ఒకే తరం, రెండు వైపులకి కరిగిపోతోంది. పెద్ద భాష చిన్నదాన్ని మింగేసిందని మనం ఒక ముక్కలో అనేస్తాం గానీ ఇక్కడ జింగ్‌పో కూడా చైనా లెక్కలో చిన్న భాషే. ఎవరు పెద్ద అనేది ఊరి పొలిమేర దాటి చూడాల్సిన విషయం కాదు, పక్క ఇంట్లో ఎవరున్నారు, పిల్లనెక్కడినుంచి తెచ్చుకుంటున్నారు, అక్కడే తేలిపోతుంది.

కామెంట్: పిల్లనెక్కడినుంచి తెచ్చుకుంటున్నారు అన్నారు, అయితే వేరే భాష అమ్మాయిని చేసుకుంటే భాష పోయినట్టేనా? మా ఇంట్లో అమ్మ కన్నడం, నాన్న తెలుగు, మాకు రెండూ సగం సగమే.

జవాబు: పోవాలనేం లేదండీ, అదే తమాషా. అదే దేహోంగ్‌లో మాంగ్‌షీ చుట్టుపక్కల పల్లెల్లో జైవా, లచిక్, మారూ, బోలా వాళ్ళంతా కలిసే ఉంటారు, చైనా లెక్కలో అందరూ ‘జింగ్‌పో జాతి’, ఒకరి పిల్లనొకరు చేసుకుంటారు. ఇంట్లో ఎవరి భాష వాళ్ళదే. మొగుడు జైవాలో అడుగుతాడు, పెళ్ళాం మారూలో జవాబు చెప్తుంది, ఇద్దరికీ రెండూ వచ్చు గానీ ఎవరూ తమది వదలరు. పిల్లలు చిన్నప్పుడు తల్లి మాట ఎక్కువ పలికినా పెద్దయ్యాక తండ్రి శాఖ భాషే తమదంటారు, తల్లితో మాత్రం తల్లి మాటే. బోలా వాళ్ళు కొన్ని వందల మందే అయినా ఇన్నాళ్ళు నిలబడింది ఈ పట్టింపు వల్లే అని నా అభిప్రాయం. షియెన్‌దావ్ వాళ్ళకి ఈ కట్టు దొరకలేదు. అన్నట్టు మారూ, లషి, అట్సి అనేవి జింగ్‌పో వాళ్ళు పెట్టిన పేర్లు, వాళ్ళు చెప్పుకునేవి ల్హావో, లచిక్, జైవా. పోస్ట్‌లో మారూ అని రాసింది ప్రశ్న అడిగినాయన అలా అడిగారని.

కామెంట్: అంకెలు మాత్రం పోవు కదా, ప్రాథమిక పదజాలం అని చదివాం.

జవాబు: పుస్తకంలో అలా ఉంటుంది. కురుఖ్ ద్రావిడ భాషే, నాలుగు దాకా సొంతం, ‘నాఖ్’ తర్వాత ఐదు నుంచి ఆర్యభాషల మాటలే. దానికి దగ్గరి చుట్టం మాల్తోకి రెండు దగ్గరే ఆగిపోయింది. సంతలో ధర ఏ భాషలో అడుగుతారో లెక్క ఆ భాషలోకి పోతుంది. మీ ఫోన్ నంబర్ ఎవరైనా అడిగితే తొమ్మిది ఎనిమిది నాలుగు అని చెప్తారా, నైన్ ఎయిట్ ఫోర్ అంటారా? ఎనిమిది కోట్ల మందిమి ఉండి మనమే ఇలా ఉన్నాం.

ఇంకొకటి అడగాలి. బర్మా పడమటి తీరంలో రాఖైన్ వైపు బర్మీస్‌లో ఆరుకి ర ఇంకా ఉంది, ‘ఖ్రౌ’ అంటారు. ఉత్తరాంధ్ర నుంచి ‘రంగం’ (రంగూన్) వెళ్ళొచ్చిన కుటుంబాలు ఈ గ్రూపులో చాలా ఉన్నాయి. రాఖైన్‌లోని అక్యాబ్ వైపు వెళ్ళినవాళ్ళు కూడా ఎవరైనా ఉంటే, మీ పెద్దవాళ్ళు ఒకటి నుంచి పది లెక్కపెట్టేటప్పుడు ఆరుని ‘చౌ’ అన్నారా ‘ఖ్రౌ’ అన్నారా, గుర్తున్నవాళ్ళు ఊరి పేరుతో సహా కింద రాయండి. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా మేలు.