మూతపడిన కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రానికి బ్లాక్‌చెయిన్ పనికొస్తుందా?

ప్రశ్న:
నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగేళ్లు పనిచేశాను. అది నిరుడు మూతపడింది. కొత్త ఉద్యోగం కోసం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తున్నవారు పాత హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపితే తిరిగి వస్తోందట. లింక్డ్‌ఇన్‌లో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు గనుక నా ప్రొఫైల్‌ను వారు లెక్కలోకి తీసుకోవడం లేదు. అనుభవ పత్రాన్ని బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించి ప్రొఫైల్‌కు జతచేస్తామని ఒక వెబ్‌సైట్ వారు డబ్బు అడుగుతున్నారు. కట్టమంటారా?

సమాధానం:
కట్టకండి. బ్లాక్‌చెయిన్ అంటే ఒకసారి రాస్తే దాదాపు మార్చలేని ఉమ్మడి డిజిటల్ చిట్టా, అందులో నమోదులు గొలుసులా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మీరు ఎక్కించిన పత్రం గురించి బ్లాక్‌చెయిన్ చెప్పగలిగేది ఒక్కటే: ఈ ఫైలు ఫలానా తేదీకి ఉంది, ఆ తర్వాత మారలేదు. దాన్ని ఎవరిచ్చారో, అందులో రాసింది నిజమో కాదో అది చెప్పదు. చెరగని సిరాతో రాసినా దొంగ పత్రం దొంగ పత్రమే కదా.

సాధారణంగా ఈ గొలుసులో పత్రాన్ని పెట్టరు, దాని హాష్‌ను, అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి గుర్తును పెడతారు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది అక్షరాలూ అంకెలూ కలిపి 64 ఉండే వరుసగా కనిపిస్తుంది. చేరిన సంవత్సరాన్ని 2019 నుంచి 2018కి దిద్దితే పత్రంలో మారేది ఒక్క అంకె, కానీ హాష్ మాత్రం పోలిక లేనంతగా మారిపోతుంది. అయితే ఈ పోలికకు విలువ రావాలంటే మొదటి హాష్‌ను పత్రం ఇచ్చిన సంస్థే తన డిజిటల్ సంతకంతో నమోదు చేసి ఉండాలి. 2017లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం బ్లాక్‌సర్ట్స్ అనే బ్లాక్‌చెయిన్ పత్రాల విధానం ద్వారా 111 మందికి డిజిటల్ పట్టాలు ఇచ్చినప్పుడు గానీ, 2021 డిసెంబరు 28న ఐఐటీ కాన్పూర్ స్నాతకోత్సవంలో బ్లాక్‌చెయిన్ పట్టాలు విడుదలైనప్పుడు గానీ, పూచీ పడింది విద్యాసంస్థలే.

మీకు ఇప్పుడు పనికొచ్చేవి ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) పోర్టల్‌లోని సర్వీస్ హిస్టరీ, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు. జీతంలోంచి టీడీఎస్ (పన్ను) కోసి ఉంటే, ఆ కోతల వివరాలుండే ఫారం 26ఏఎస్‌లో సంస్థ పేరు, పన్ను కోసే సంస్థకు ఇచ్చే టాన్ నంబరు కూడా కనిపిస్తాయి.

అడిగినవారు:
ధన్యవాదాలండి. సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ ఉంది, మానిన తేదీ లేదు. మరొక సందేహం: మా సంస్థ ఆనాడే సంతకంతో బ్లాక్‌చెయిన్ పత్రం ఇచ్చి ఉంటే నాకు ఈ అవస్థ తప్పేదా?

సమాధానం:
చివరి పీఎఫ్ చందా జమై రెండు నెలలు దాటితే, ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ఉన్న ‘మార్క్ ఎగ్జిట్’లో ఆధార్ ఓటీపీతో మానిన తేదీని మీరే నమోదు చేసుకోవచ్చు. ఒకసారి నమోదైతే దిద్దడం కష్టం కాబట్టి రిలీవింగ్ లెటర్ ఎదురుగా పెట్టుకుని నింపండి.

రెండో సందేహానికి జవాబు, తప్పేది కావచ్చు. సంతకాన్ని సరిచూడడానికి హెచ్‌ఆర్ అక్కర్లేదు, సంస్థ పబ్లిక్ కీ, అంటే సంతకాన్ని సరిచూసేందుకు అది అందరికీ అందుబాటులో ఉంచే సంకేతం చాలు. చిక్కల్లా ఆ కీ ఎక్కడ ఉందన్నదే. అది సంస్థ వెబ్‌సైట్‌లో మాత్రమే ఉంటే, డొమైన్ గడువు తీరిన రోజున అదీ పోతుంది. హాష్ గొలుసులో భద్రంగానే ఉంటుంది గానీ అది ఎవరిదో తేల్చేందుకు దారి ఉండదు. కొత్త సంస్థ ఇలాంటి పత్రం ఇస్తామంటే ముందుగా ఈ సంగతే అడగండి. జీతం, ఆధార్ వంటి వివరాలను మాత్రం నేరుగా గొలుసులో రాయనివ్వకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తొలగింపు కోరే హక్కును పొందుపరిచింది, గొలుసులో పడిన దాన్ని తొలగించే వీలేమో దాదాపు లేదు.