చిన్నప్పటి కార్టూన్లను వెడల్పు తెరకు కత్తిరించి, నునుపు చేసి వదలడం సబబేనా?

నీలిటోపీ:
2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు 'ది సింప్సన్స్' పాత సీజన్లను 16:9కి, అంటే ఇప్పటి వెడల్పు తెర ఆకారానికి కత్తిరించి పెట్టారు. జనం గోల చేశాక 2020 మేలో 4:3 (పాత టీవీల ఆకారం) ఎంచుకునే వీలు ఇచ్చారు. గొడవ అక్కడితో తీరిపోలేదు. ఇంకా ఎన్నో పాత సిరీస్‌లు కోసిన రూపంలోనే దొరుకుతున్నాయి. కొన్నిటికి ఏఐ మెరుగులు, మధ్యలో కొత్త ఫ్రేమ్‌లు దూర్చి సెకనుకు 60 ఫ్రేమ్‌ల నునుపు కూడా తగిలిస్తున్నారు. ఇందులో నిజంగా తప్పేముందో తెలిసినవాళ్లు చెప్పండి. ఇప్పటి పిల్లలు పక్కన నల్ల పట్టీలు కనిపిస్తే చూడరేమో అన్నది నా అనుమానం.

పెగ్‌బార్:
లెక్కతో మొదలుపెడదాం. 4:3 బొమ్మను వెడల్పు తగ్గకుండా 16:9 చేయాలంటే ఎత్తులో 25 శాతం తీసేయాలి. నాలుగో వంతు బొమ్మ చెత్తబుట్టలోకి పోతుంది. సింప్సన్స్‌లోనే డఫ్ బీర్ ఫ్యాక్టరీ సన్నివేశం చూడండి. డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు పెద్ద ట్యాంకులు. పైన చూస్తే మూడింటిలోకీ ఒకే గొట్టం నుంచి సరుకు దిగుతోంది. జోక్ అంతా ఆ గొట్టంలోనే ఉంది. కోతలో పైభాగం పోయింది, గొట్టం పోయింది, చూసేవాడికి మూడు ట్యాంకులు మిగిలాయి.

ఇంకో చిక్కు ఉంది. ప్రతి షాట్‌లో పైనుంచి కోయాలా, కిందనుంచి కోయాలా అన్నది ఒక ఆపరేటర్ కూర్చుని తేలుస్తాడు. కూర్చున్న పాత్ర షాట్ మధ్యలో లేచి నిలబడితే తల తెగుతుంది. తల తెగకూడదంటే కోత కిటికీని పైకి జరపాలి. అప్పుడు అసలు బొమ్మలో లేని కెమెరా కదలిక ఒకటి పుట్టుకొస్తుంది. లేఅవుట్ (షాట్‌లో ఏది ఎక్కడుండాలో చూపే బొమ్మ) గీసినవాడు కెమెరా కదలకూడదని నిర్ణయించిన చోట ఇది జరుగుతుంది.

రేపటిస్క్రీన్:
పెగ్‌బార్ గారూ, ఆ నాలుగో వంతంతా జనం చూశారన్నట్టు మాట్లాడుతున్నారు. పాత ట్యూబ్ టీవీ ఏనాడూ పూర్తి ఫ్రేమ్ చూపలేదు. నాలుగు వైపులా సుమారు 5 శాతం బొమ్మ అంచు వెనక దాగేది. కదలికలు తప్పక కనబడే చోటు (యాక్షన్ సేఫ్) 90 శాతం, అక్షరాలు పెట్టే చోటు (టైటిల్ సేఫ్) 80 శాతం అని గీతలు పెట్టుకుని పనిచేసింది అందుకే. నెగెటివ్ మొత్తం స్కాన్ చేస్తే ఆ అంచుల్లో సెల్ షీటు (పాత్రను గీసే పారదర్శక రేకు) చివర, రంగు పూయకుండా వదిలేసిన చెయ్యి, మధ్యలో ఆగిపోయిన బ్యాక్‌గ్రౌండ్ బయటపడతాయి. 'పూర్తి ఫ్రేమ్' కావాలని పట్టుబట్టడమంటే గీసినవాళ్లు దాచినదాన్ని బజారున పెట్టడమే.

పెగ్‌బార్:
అంచు దాచడం మీద నాకు పేచీ లేదు. పైన 5, కింద 5 శాతం కోసుకోండి. మీరు కోసేది 25. యాక్షన్ సేఫ్ ఎత్తు 90, మీ కోత తర్వాత మిగిలేది 75. అంటే కచ్చితంగా కనబడాలని గీసిన ఎత్తులో ఆరో వంతు పోయింది. టైటిల్ సేఫ్ అన్నారు కదా, అది 80. మీ 75 దానికన్నా చిన్నది. అక్షరాల కోసం కాపాడిన చోటును కూడా కోసి, సేఫ్ గీతల పేరు చెప్పి సమర్థించుకోవడం ఏం న్యాయం?

గోధూళి:
డ్రాగన్ బాల్ జెడ్ 2007 ఆరెంజ్ డీవీడీ సెట్లను ఎవరూ మర్చిపోలేదు. 16:9 కోత, పైగా గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి రవ్వ) తుడిచేశారు.

ట్యూబ్‌టీవీ:
మీరిద్దరూ నెగెటివ్ గురించే కొట్టుకుంటున్నారు. నెగెటివ్‌ను ఎవరు చూశారండీ? జనం చూసింది ట్యూబ్ మీద. టీవీ కోసం తీసినవాళ్లు కూడా ట్యూబ్‌ను దృష్టిలో పెట్టుకునే తీశారు. సన్నటి అడ్డగీత ఇంటర్‌లేస్‌లో (బొమ్మను సరి, బేసి వరసలుగా విడదీసి చూపే పద్ధతి) వణుకుతుంది కాబట్టి అలాంటి గీతలు తగ్గించేవారు. చిక్కటి ఎరుపు పక్కకు కారుతుంది కాబట్టి ఆ ఎరుపును కాస్త అణిచేవారు. 1992 బ్యాట్‌మ్యాన్ సిరీస్‌లో నల్ల కాగితం మీద బ్యాక్‌గ్రౌండ్లు వేశారు. ట్యూబ్ మీద ఆ నలుపు కలిసిపోయి ఊరంతా చీకట్లోంచి పైకి లేచినట్టుండేది. 2018 బ్లూ-రే పెట్టి చూడండి, కుంచె జాడలు, సెల్ మీది దుమ్ము ఒక్కొక్కటీ కనబడతాయి. స్పష్టత పెరిగిన మాట నిజమే, ఆ చీకటి మాత్రం పోయింది.

రేపటిస్క్రీన్:
ట్యూబ్‌టీవీ గారూ, టామ్ అండ్ జెర్రీ 1940 నుంచి 1958 దాకా థియేటర్ కోసం తీసినవి. 1950లలో కొన్ని సినిమాస్కోప్‌లో వచ్చాయి. వాటినే టీవీలో పక్కలు కోసి చూపారు. ట్యూబ్ మీద చూసిందే అసలైతే, ఆ కోతను కూడా అసలే అనాలి. కోతలు ఎప్పుడూ ఉన్నాయి.

రంగులడబ్బా:
ట్యూబ్‌టీవీ గారు చెప్పే రంగుల తేడాలో కొంత ట్యూబ్ వల్ల కాదు, పని చెడగొట్టినందువల్ల. పాత టీవీ వీడియో రంగులు బీటీ.601 అనే మ్యాట్రిక్స్‌లో (రంగులను అంకెలుగా మార్చే సూత్రం) ఉంటాయి, హెచ్‌డీ బీటీ.709లో. పాత టేపును పెద్దది చేసేటప్పుడు మ్యాట్రిక్స్ మార్చకుండా 709 అని ముద్ర వేస్తే ఎరుపు, ఆకుపచ్చ, ఒంటి రంగు పక్కదారి పడతాయి. నలుపు, తెలుపు, బూడిద మాత్రం చెక్కుచెదరవు. తనిఖీ చేసేవాళ్లు బూడిద పట్టీ చూసి సరిగ్గానే ఉందనుకుంటారు, తప్పు అలాగే విడుదలైపోతుంది. మీ దగ్గర పాత, కొత్త కాపీలు రెండూ ఉంటే ఒకే ఫ్రేమ్‌లో తెల్లటి చొక్కా, ఎర్రటి టోపీ పోల్చండి. తెలుపు కలిసి ఎరుపు కలవకపోతే మొదట అనుమానించాల్సింది మ్యాట్రిక్స్‌నే.

పెగ్‌బార్:
రంగు తర్వాత దిద్దుకోవచ్చు. చెరిగిన గీత తిరిగి రాదు. అసలు నష్టం దుమ్ము తుడిచే ఆటోమేటిక్ ఫిల్టర్‌తో జరుగుతోంది, దాని గురించి ఎవరూ ఎత్తడం లేదు.

ఆ ఫిల్టర్ ముందు ఫ్రేమ్‌నీ వెనక ఫ్రేమ్‌నీ పోల్చుతుంది. ఒక్క ఫ్రేమ్‌లో మాత్రమే కనిపించి మాయమైంది ఏదైనా దుమ్మే అనుకుంటుంది. నటులతో తీసిన సినిమాలో ఇది చాలావరకు పనిచేస్తుంది. చేత్తో గీసిన బొమ్మలో వేగమంతా ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే ఉంటుంది. 1942లో చక్ జోన్స్ 'ది డోవర్ బాయ్స్'లో పాత్రను ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు సాగదీసిన రంగుగా గీసి విసిరారు. అలాంటి స్మియర్ ఫ్రేమ్ క్షణంలో 24వ వంతు ఉండి పోతుంది. పరిగెత్తే పిల్లి మీసం, ఊపిన చేతివేళ్ల గీతలు కూడా అంతే. ఫిల్టర్‌కు అవన్నీ దుమ్ము. లూనీ ట్యూన్స్ డీవీడీల్లో కొన్ని షార్ట్‌లను ఆపి ఒక్కో ఫ్రేమ్ జరిపి చూడండి. పాత్ర నిలబడినప్పుడు గీత గట్టిగా ఉంటుంది, కదలగానే సన్నబడి తెగిపోతుంది.

నేను కొన్న ఒక సెట్‌లోనూ ఇదే రోగం. కంపెనీకి రాస్తే "మూలంలోనే అలా ఉంది" అని జవాబొచ్చింది. మూలంలో ఉంటే నిలబడ్డప్పుడు గీత ఎలా తిరిగొస్తుంది?

రేపటిస్క్రీన్:
సరే, ఆ ఫిల్టర్ ఎందుకు వాడతారో కూడా వినండి. 22 నిమిషాల ఎపిసోడ్‌కు 31,680 ఫ్రేమ్‌లు. 65 ఎపిసోడ్‌ల సీజన్‌కు 20,59,200. ఒక్కోటి చేత్తో తుడవాలంటే ఆ సిరీస్ ఎప్పటికీ బయటకు రాదు. 90లలో చాలావాటిని ఫిల్మ్ మీద షూట్ చేసి, ఎడిటింగ్ మాత్రం వీడియో టేపు మీద చేశారు. ఫిల్మ్‌కు వెళ్లాలంటే రీళ్లన్నీ వెతికి, స్కాన్ చేసి, ఎపిసోడ్ మొత్తాన్ని మొదటినుంచి మళ్లీ కూర్చాలి. ఫేడ్‌లు, టైటిళ్లు కూడా తిరిగి కట్టాలి. చాలాచోట్ల చేతిలో ఉండేది టేపు ఒక్కటే.

పెగ్‌బార్:
ఆటోమేటిక్ వద్దని నేననలేదు, సరైన చోట వాడమంటున్నాను. ఎక్కువ షాట్‌లు టూస్ మీద ఉంటాయి, అంటే ఒకే బొమ్మను రెండేసి ఫ్రేమ్‌లు తీస్తారు, సెకనుకు 12 బొమ్మలు. ఆ జంటలో గీత ఒకటే, దుమ్మూ గ్రెయినూ వేరు. పోలిక జంట లోపలే జరగాలి, ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు దాటకూడదు. వన్స్ మీద ఉన్న, అంటే ఫ్రేమ్‌కొక బొమ్మ ఉన్న షాట్‌లకు, స్మియర్‌లకు ఫిల్టర్ ఆపేసి చేత్తో చేయాలి. మీ 20 లక్షల్లో చేత్తో ముట్టాల్సినవి అందులో కొద్ది భాగమే.

రేపటిస్క్రీన్:
చెప్పినంత తేలిక కాదది. పాత్ర టూస్ మీదున్నా, ప్యాన్ షాట్‌లో (కెమెరా పక్కకు జరిగే షాట్) బ్యాక్‌గ్రౌండ్ వన్స్ మీద జరుగుతుంది. అప్పుడు జంటలో రెండు ఫ్రేమ్‌లూ ఒకటి కావు. దానికి తోడు ఫిల్మ్, కెమెరాలో దాన్ని పట్టి ఉంచే గేట్‌లో ఊగుతుంది. ముందు స్టెబిలైజ్ చేసి, పాత్రను బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరుచేసే మాస్క్ కట్టి, ఆ తర్వాత జంటలు వెతకాలి.

పెగ్‌బార్:
కట్టాలి. ఆ పనినే రీమాస్టర్ అంటారు.

నీలిటోపీ:
మరి టేపు ఒక్కటే మిగిలితే ఏఐతో పెద్దది చేయడం నయమే కదా?

పెగ్‌బార్:
టేపు ఎలాంటిదో చూసి చెప్పాలి. 24 ఫ్రేమ్‌ల ఫిల్మ్‌ను అమెరికా, జపాన్ టీవీకి మార్చేటప్పుడు 4 ఫ్రేమ్‌లను 10 ఫీల్డ్‌లుగా (ఫీల్డ్ అంటే సగం వరసలున్న బొమ్మ) పంచి 5 వీడియో ఫ్రేమ్‌లు చేస్తారు. అందులో మూడు శుభ్రంగా ఉంటాయి, రెండిట్లో పక్కపక్క బొమ్మల గీతలు దువ్వెన పళ్లలా కలిసి ఉంటాయి. ఆ పంపకాన్ని తిరగదీసే ఇన్వర్స్ టెలిసినీ చేస్తే అసలు 4 బొమ్మలూ తిరిగి దొరుకుతాయి. వీడియో మీద ఎడిట్ చేసిన టేపులో కట్ కట్‌కీ ఈ వరస మారుతుంది కాబట్టి షాట్‌షాట్‌కీ చూసుకోవాలి. ఈ కష్టం ఎందుకని ఫీల్డ్‌లను కలిపేస్తే రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి నీడలా పడతాయి. ఆ నీడను ఏఐకి ఇస్తే అది కూడా గీతే అనుకుని నల్లగా దిద్దుతుంది. పాత్రకు రెండు ముక్కులు వచ్చేది అలాగే. ముందు వరస విప్పండి, ఏఐ సంగతి తర్వాత.

60 ఫ్రేమ్‌ల నునుపుకు మాత్రం ఏ మినహాయింపూ లేదు. భంగిమను 8 ఫ్రేమ్‌లు పట్టి ఉంచి, చటుక్కున వదలడం యానిమేటర్ నిర్ణయం. మధ్యలో మిషన్ బొమ్మలు దూరిస్తే ఆ చటుక్కు పోయి జిగురులా సాగుతుంది.

రేపటిస్క్రీన్:
మీకు ఏం చేసినా తప్పే. కోస్తే తప్పు, తుడిస్తే తప్పు, తుడవకపోతే దుమ్మని ఫిర్యాదు. ఇలా అందరినీ బెదరగొడుతుంటే కంపెనీలు ఆ రీళ్లను గోదాంలోనే వదిలేస్తాయి. ఎవరూ చూడని కార్టూన్ ఎంత స్వచ్ఛంగా ఉండి ఏం లాభం?

ట్యూబ్‌టీవీ:
పెగ్‌బార్ గారికి చూసినవాళ్లతో పనే లేదు. ఆయనకు డ్రాయింగ్ బల్ల దగ్గర ఏం జరిగిందన్నదే ముఖ్యం. మేం చూసిన రంగు, విన్న గొంతు లెక్కలోకే రావు. 2016 పవర్‌పఫ్ గర్ల్స్‌లో ముగ్గురి గొంతులూ మార్చేశారు. గీతలు చక్కగానే ఉన్నాయి, అయినా వాళ్లు ఆ పిల్లలు కారు.

పెగ్‌బార్:
అవును, నాకు బల్ల దగ్గర జరిగిందే ముఖ్యం. ఒప్పుకుంటున్నాను. చూసినవాళ్ల జ్ఞాపకాలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. గీసింది ఒక్కటే, అది ఫిల్మ్ మీద ఉంది. కొత్తతరం కోసం చేయాలనుకుంటే 2017 డక్‌టేల్స్‌లా కొత్తగా గీయండి, 2024 ఎక్స్-మెన్ '97లా కథను ముందుకు నడపండి. రెండిటినీ నేను గౌరవిస్తాను. పాతదాన్ని కోసి, గీతలు చెరిపి, దానిమీద 'రీమాస్టర్డ్' అని రాయడమే నాకు మింగుడుపడదు. ఆ పేరు చూసినవాడు అసలు ఇలాగే ఉండేదని నమ్ముతాడు.

రేపటిస్క్రీన్:
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మీ అభ్యంతరం కోత మీద కాదు, పేరు మీద.

పెగ్‌బార్:
రెండిటి మీదా.

శబ్దలేఖ:
గొంతుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. సెకనుకు 25 ఫ్రేమ్‌ల పాల్ టీవీ పద్ధతి ఉన్న దేశాల్లో 24 ఫ్రేమ్‌ల ఫిల్మ్‌ను 25కి పరిగెత్తించేవారు. 22 నిమిషాలది 21 నిమిషాల 7 సెకన్లకు తగ్గుతుంది, శబ్దం సుమారు 0.7 సెమీటోన్ (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) పైకి పోతుంది. అలాంటి టేపు చూస్తూ రికార్డ్ చేసిన డబ్బింగ్‌లో సంగీతం పైశ్రుతిలో, గొంతులు మామూలుగా ఉంటాయి. దాన్ని కొత్త 24 ఫ్రేమ్‌ల బొమ్మకు అతికేటప్పుడు నెమ్మది చేస్తే సంగీతం కుదురుతుంది, గొంతులు బొంగురుపోతాయి. శ్రుతి మార్చకుండా సాగదీస్తే గొంతులు కుదురుతాయి, సంగీతం పైనే ఉండిపోతుంది. గొంతులు విడి ట్రాక్‌లో ఉంటే వాటిని సాగదీసి, అసలు సంగీతం, శబ్దాల ట్రాక్ మీద మళ్లీ మిక్స్ చేయడమే మార్గం. ట్యూబ్‌టీవీ గారూ, మీకు నచ్చనిది గొంతు మార్పా, ఈ బొంగురా అన్నది ఒకసారి పోల్చి చూడండి.

ట్యూబ్‌టీవీ:
పవర్‌పఫ్‌లో మనుషులే మారారు, అది వేరు. వేరే ఒక పాత డబ్‌లో మాత్రం మీరన్న బొంగురే. సంగీతం సరిగ్గానే ఉంది, మనుషులే నిద్రలేచి మాట్లాడినట్టున్నారు.

నీలిటోపీ:
ప్రస్తుతానికి చూసేవాళ్లం ఏం చేయగలం?

రంగులడబ్బా:
టీవీలో మోషన్ స్మూతింగ్ (మధ్యలో ఫ్రేమ్‌లు దూర్చే సెట్టింగ్) ఆపండి, షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ కూడా. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఆన్ చేస్తే చాలావరకు ఇవన్నీ ఆగుతాయి. స్క్రీన్ సైజు దగ్గర 'జూమ్', 'స్ట్రెచ్' కాకుండా 'ఒరిజినల్' పెట్టండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద 4:3 బొమ్మ 1440×1080 ఉంటుంది, రెండు పక్కలా 240 చొప్పున నలుపు.

రేపటిస్క్రీన్:
ఆ నలుపు చూడగానే ఛానల్ మార్చేవాళ్ల కోసమే కోత. అది మాత్రం మీరెవరూ ఒప్పుకోరు.

పెగ్‌బార్:
వాళ్ల కోసం కోసుకోండి, పక్కనే 4:3 కూడా పెట్టండి. డిస్నీ ప్లస్ ఆరు నెలల్లో చేసి చూపింది. కోసింది ఒక్కటే ఉంచి, అసలును దాచేసిన సిరీస్ ఏదైనా కనబడితే పేరు ఇక్కడ పెట్టండి, ఏ షాట్‌లో ఏం పోయిందో ఫ్రేమ్‌తో సహా రాస్తాను.