క్లాసిక్ బేస్ అంటే అసలు ఏంటి? ప్రిసిషన్ తీసుకోవాలా, జాజ్ తీసుకోవాలా?

కాకినాడ కుర్రాడు:
అందరికీ నమస్తే. చర్చిలో నాలుగేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో కూడా వెళ్తుంటాను. నాది ఐదు స్ట్రింగ్స్ యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే టోన్ సర్క్యూట్ ఉన్నది). ఇంట్లో వింటే అదిరిపోతుంది. స్టేజి ఎక్కి కీబోర్డు, ప్యాడ్స్ మొదలయ్యాక మాత్రం ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలియదు. మా క్వాయర్ మాస్టారు "ధుమ్ ధుమ్ తప్ప పాట వినపడట్లేదురా, ఆ పాతకాలం బేస్ ఒకటి చూసుకో" అన్నారు. ఇళయరాజా పాటలు వాయించేటప్పుడైతే మరీ కష్టం. అక్కడ బేస్ పక్కన ఇంకో పాటలా నడుస్తుంది కదా, నాది నడవదు, దొర్లుతుంది.

అమ్మకానికి చూస్తే ప్రతిదాని మీదా క్లాసిక్, వింటేజ్, 60స్, 70స్ అనే ఉంది. రంగూ, పైన ప్లాస్టిక్ ప్లేటూ మారిస్తే క్లాసిక్ అయిపోతుందా? సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్రిసిషన్ మోడలు, ఒక జాజ్ మోడలు ఇంచుమించు ఒకే రేటుకి వస్తున్నాయి. రెండూ చూడటానికి హైదరాబాద్ వెళ్లాలి. వెళ్లేముందే ఏం చూడాలో తెలిస్తే టెన్షన్ ఉండదు.

పాత తీగ:
తమ్ముడూ, ముందు రంగు సంగతి మర్చిపో. బేస్‌లో క్లాసిక్ అన్న మాట వినపడితే దాని వెనక ఎక్కువగా రెండే గిటార్లు ఉంటాయి. రెండూ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ కంపెనీలో పుట్టినవే.

మొదటిది ప్రిసిషన్, 1951. అంతకు ముందు బేస్ అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే డబుల్ బేస్. దానికి ఫ్రెట్స్ ఉండవు, వయొలిన్‌లాగే చెవిని నమ్ముకుని వేలు పెట్టాలి. లియో ఫెండర్ దాన్ని మెడలో వేసుకునే సైజుకి తెచ్చి, వీణకి మెట్లున్నట్టు ఫ్రెట్స్ పెట్టాడు. వేలు కాస్త అటూ ఇటూ అయినా శ్రుతి తప్పదు. ప్రిసిషన్ అన్న పేరు అందుకే. (ఎలక్ట్రిక్ బేస్ ఆలోచన ఆయనకే మొదట వచ్చిందని కాదు. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930ల్లోనే ఒకటి చేశాడు. కాకపోతే జనం కొనలేదు.)

ఇప్పుడు మనం ప్రిసిషన్ అంటున్న రూపం మాత్రం 1957ది. పికప్‌ని, అంటే స్ట్రింగ్స్ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే కాయిల్‌ని, రెండు ముక్కలు చేశారు. ఇ, ఎ స్ట్రింగ్స్ కింది ముక్క నెక్ వైపు, డి, జి కింది ముక్క బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగ్స్ బిగించే చోటు) వైపు ఉంటుంది. ఒక ముక్కకి కాయిల్ ఒక దిక్కుగా, రెండోదానికి ఎదురు దిక్కుగా చుట్టి ఉండటంతో కరెంటు హమ్ (గుయ్‌మనే శబ్దం) రెండింట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది. ఒక వాల్యూమ్, ఒక టోన్. బ్యాటరీ లేదు. నట్ (నెక్ చివర స్ట్రింగ్స్ ఆనే చిన్న పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా 34 అంగుళాలు, 20 ఫ్రెట్స్, బోల్టులతో బిగించిన మేపుల్ నెక్. సామానంతా అంతే.

నీ అసలు సమస్యకి జవాబు కూడా అక్కడే ఉంది. ఇ స్ట్రింగ్‌ని ఉత్తిగా మీటితే 41 హెర్ట్జ్. అంత కింది శబ్దాన్ని మన స్టేజి స్పీకర్లు చాలావరకు సరిగ్గా పలికించలేవు. మన చెవి స్వరాన్ని పట్టుకునేది దాని పైన వచ్చే 82, 123 లాంటి వాటిని బట్టి. ఇంట్లో ఒంటరిగా వాయించుకుంటే బాగుండాలని యాక్టివ్ బేస్‌లో అడుగూ పైనా పెంచి, మిడ్స్ (మధ్య స్థాయి శబ్దాలు) తగ్గిస్తాం. స్టేజి మీద అడుగు భాగాన్ని కిక్ డ్రమ్మూ కీబోర్డు ఎడమ చెయ్యీ లాగేసుకుంటాయి, పై భాగాన్ని తాళాలు లాగేసుకుంటాయి. ఇంక నీకేం మిగిలింది? ప్రిసిషన్ గొంతు ఆ తగ్గించిన మధ్యలోనే ఉంటుంది. ఒంటరిగా వింటే "ఇంతేనా" అనిపిస్తుంది, పదిమందిలో వింటే దాని విలువ తెలుస్తుంది.

జాజ్ పార్టీ:
అన్న చెప్పింది నిజమే కానీ సగమే చెప్పారు. జాజ్ బేస్ 1960లో వచ్చింది. బాడీ నడుము కొంచెం పక్కకి జరిపినట్టు ఉంటుంది, పికప్స్ రెండు. నట్ దగ్గర నెక్ వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. పాత ప్రిసిషన్‌కి 44 ఉండేది. ఐదు స్ట్రింగ్స్ వెడల్పు నెక్‌కి అలవాటుపడినవాడికి జాజ్ నెక్ అగరుబత్తిలా అనిపిస్తుంది, వారంలో అలవాటైపోతుంది.

పేరు చూసి జాజ్ సంగీతానికే అనుకోవద్దు. జాకో పాస్టోరియస్ 1962 జాజ్ బేస్ మీద ఫ్రెట్స్ లేకుండా వాయించాడు. మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్‌తో స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ని కొట్టి, లాగి) వాయిస్తాడు. రెండూ ఒకే గిటారు అంటే నమ్మబుద్ధి కాదు. పెళ్లి ఆర్కెస్ట్రాలో ఒక పాట మెలొడీ, ఇంకోటి తీన్‌మార్ కదా. నెక్ పికప్ ఒక్కటే పెడితే గుండ్రంగా, బ్రిడ్జి పికప్ ఒక్కటే పెడితే ముక్కుతో మాట్లాడినట్టు. రెండూ ఫుల్ పెడితే స్లాప్‌కి శుభ్రంగా పలుకుతుంది, కాకపోతే మిడ్స్ కొంచెం లోపలికి పోతాయి. నా ఓటు జాజ్‌కే.

లోపం కూడా చెప్తాను. రెండు పికప్‌లూ సింగిల్ కాయిల్సే (ఒక్కోదానిలో ఒకే కాయిల్). ఒక్క పికప్ మీద వాయిస్తే హమ్ వస్తుంది. ఇప్పటివాటిలో చాలావరకు రెండు వాల్యూములూ సమానంగా ఉంటే హమ్ పోయేలా చుడతారు.

కాకినాడ కుర్రాడు:
ఇద్దరికీ థ్యాంక్స్. కానీ ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్ స్క్వైర్‌లో క్లాసిక్ వైబ్ అనే వరుసలో కూడా 60స్, 70స్ అని విడివిడిగా ఉన్నాయి. ఆ పదేళ్ల తేడా చెవికి తెలుస్తుందా? లేక నా ప్రశ్నే రంగు దగ్గర మళ్లీ మొదలవుతుందా?

రిపేర్ బల్ల:
నేను గిటార్లు బాగుచేస్తుంటాను, కాబట్టి నా లోకం స్క్రూడ్రైవర్ లోకం. చూపుకి తేడాలు ఇవి: 50స్ అంటే మేపుల్ ఫింగర్‌బోర్డు, బంగారు రంగు ప్లేటు. 60స్ అంటే రోజ్‌వుడ్ బోర్డు, తాబేలు చిప్పలాంటి ప్లేటు. 70స్ జాజ్ అంటే నెక్ అంచున తెల్ల పట్టీ, బోర్డు మీద పలకల్లాంటి గుర్తులు (ఇవి నిజానికి 1966లోనే వచ్చాయి). వీటిలో శబ్దానికి పనికొచ్చేది ఒక్కటే. 70ల్లో జాజ్ బ్రిడ్జి పికప్‌ని బ్రిడ్జికి దాదాపు సెంటీమీటరు దగ్గరికి జరిపారు. దాంతో శబ్దం ఇంకా గట్టిపడి పదునెక్కింది. లేబుల్ మీద 70స్ ఉన్నంత మాత్రాన పికప్ జరిపారని కాదు, టేపు పెట్టి కొలుచుకోండి.

ఒక ముచ్చట. ఇప్పుడు చాలా గిటార్లలో రోజ్‌వుడ్‌కి బదులు ఇండియన్ లారెల్ వాడుతున్నారు. అదేం కొత్త చెట్టు కాదండీ, మన నల్లమద్దే. 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తానికి అంతర్జాతీయ అనుమతులు పెట్టడంతో కంపెనీలు వేరే చెక్కలు వెతుక్కున్నాయి.

ఇక అసలు విషయం. 60లకీ 70లకీ చెవికి తెలిసే పెద్ద తేడా గిటార్‌లో లేదు, స్ట్రింగ్స్‌లో ఉంది. 60ల మొదట్లో ఆ బేస్‌లు ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్‌తోనే వచ్చేవి. పైన చుట్టిన తీగ పట్టీలా చదునుగా ఉంటుంది, వేలికి నున్నగా తగులుతుంది, శబ్దం మెత్తగా, పొట్టిగా వస్తుంది. 1966లో స్ట్రింగ్స్ తయారుచేసే రోటోసౌండ్ వాళ్లు ది హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి రౌండ్‌వౌండ్ స్టీల్ స్ట్రింగ్స్ తెచ్చారు. పియానో తీగలా మోగే ఆ శబ్దాన్నే తర్వాత మనం 70స్ అంటున్నాం.

డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్‌ది 1962 ప్రిసిషన్. మందమైన ఫ్లాట్‌వౌండ్స్, బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క, కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. స్ట్రింగ్ తెగితే తప్ప మార్చేవాడు కాదు. చాలామంది క్లాసిక్ బేస్ అని వెతికేది ఈ శబ్దాన్నే. పోయినేడాది ఒకాయన మంచి ప్రిసిషన్ తెచ్చి "ఆ సౌండు రావట్లేదు, పికప్ మార్చండి" అన్నాడు. మీద చూస్తే తళతళలాడే కొత్త స్టీల్ స్ట్రింగ్స్. ఫ్లాట్స్ వేసి, గిన్నెలు తోమే స్పాంజి సన్నగా కోసి బ్రిడ్జి దగ్గర స్ట్రింగ్స్ కింద దూర్చాను. పికప్ డబ్బులు ఆయనకే మిగిలాయి.

పాత తీగ:
బల్ల గారూ, ఇది నేను ముందే చెప్పాల్సింది. స్ట్రింగ్స్ సంగతి వదిలేసి పికప్ పురాణం విప్పాను.

కాకినాడ కుర్రాడు:
అయితే నా ఐదు స్ట్రింగ్స్ దానికే ఫ్లాట్స్ వేసి స్పాంజి పెడితే సరిపోతుందా? కొత్తది ఎందుకు?

రిపేర్ బల్ల:
మంచి ప్రశ్న. ముందు ఖర్చు లేనిది చెయ్యండి. యాక్టివ్ నాబ్స్ అన్నీ మధ్యలోకి తెచ్చి, బేస్ కొంచెం తగ్గించి, మిడ్ పెంచి ఒక ఆదివారం వాయించండి. మీరు మిక్సర్‌కి ఎలా కలుపుతున్నారో కూడా చెప్పండి.

కాకినాడ కుర్రాడు:
కేబుల్ నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌లోకి అన్నా.

రిపేర్ బల్ల:
యాక్టివ్ కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది. బ్యాటరీ లేని బేస్‌ని అలా పెడితే గొంతు నొక్కేసినట్టు ఉంటుంది. దాని పికప్‌కి దాదాపు ఒక మెగా ఓమ్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి, మిక్సర్ లైన్ ఇన్‌కి అందులో పదోవంతు కూడా ఉండదు. మధ్యలో ఒక యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టండి. యాంప్ అక్కర్లేదు, మోటౌన్ స్టూడియోలో జేమర్సన్ బేస్ కూడా నేరుగా కన్సోల్‌లోకే వెళ్లేది.

హైదరాబాద్‌లో చూసేటప్పుడు ఇవి మర్చిపోవద్దు. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి కొలిస్తే 17 అంగుళాలు ఉండాలి. ఇ స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, మధ్యలో 8వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు మందమంత ఉంటే బాగున్నట్టే. మరీ ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేయడానికి లోపల ఉండే కడ్డీ) ఇంకా తిరుగుతుందా అని అడగండి, చివరిదాకా బిగించేసి ఉంటే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఫ్లాట్స్ బిగువు ఎక్కువ, వేశాక రాడ్ కొంచెం తిప్పాల్సి వస్తుంది. పావు తిప్పు చాలు, ఒకేసారి బలప్రయోగం వద్దు. నాబ్స్ తిప్పితే గరగర వస్తే భయపడకండి, అది స్ప్రేతో పోతుంది. ప్రతి స్ట్రింగ్‌నీ ఒక్కో ఫ్రెట్ మీదా నొక్కి వినండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

జాజ్ పార్టీ:
ఫ్లాట్స్ వేస్తే స్లాప్ చచ్చిపోతుంది. తీన్‌మార్ గుర్తుపెట్టుకో తమ్ముడూ.

పాత తీగ:
తీన్‌మార్‌కి డప్పులున్నాయిగా బాబూ.

కాకినాడ కుర్రాడు:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి. బల్ల అన్న చెప్పినట్టు ముందు పాత బేస్‌లో మిడ్స్ పెంచి, డీఐ బాక్స్ పెట్టి వాయించాను. సగం సమస్య అక్కడే తీరింది. మాస్టారు వెనక్కి తిరిగి చూశారు.

అయినా ఆశ ఆగలేదు, హైదరాబాద్ వెళ్లాను. మనసు ప్రిసిషన్ మీదే ఉంది. కానీ దాని నెక్ మధ్యలో రెండు కార్డులు దూరేంత సందు, రాడ్ ఇక తిరగట్లేదు. "ఇవన్నీ అలాగే ఉంటాయి బ్రో, వింటేజ్ ఫీల్" అన్నాడు అమ్మేవాడు. దణ్ణం పెట్టి జాజ్ తీసుకున్నాను. నెక్ తిన్నగా ఉంది. ఫ్లాట్స్ వేశాను, స్పాంజి పెట్టాను. నెక్ పికప్ ఒక్కటే ఉంచి టోన్ సగానికి తగ్గిస్తే, మీరు చెప్పిన ఆ పొట్టి శబ్దం చాలావరకు వచ్చేసింది. ఇళయరాజా పాటలో బేస్ ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతుందో మొదటిసారి నా చెవికే వినిపించింది.

ఒక్కటే బాధ. ఇంట్లో హమ్ తక్కువ, చర్చిలో గట్టిగా వస్తోంది. స్ట్రింగ్స్ మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. రెండు వాల్యూములూ ఫుల్ చేసినా పూర్తిగా పోవట్లేదు. మైకు దగ్గర పెదవికి చిన్న జివ్వుమన్న ఫీలింగ్ కూడా వచ్చింది ఒకసారి.

రిపేర్ బల్ల:
హమ్ సంగతి తర్వాత. ఆ జివ్వుమన్నదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బేస్ స్ట్రింగ్స్ బ్రిడ్జి ద్వారా కేబుల్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. అక్కడి ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ సరిగ్గా లేకపోతే, చెయ్యి స్ట్రింగ్ మీద, పెదవి మైకు మీద ఉన్నప్పుడు కరెంటు మీ ఒంట్లోంచే పోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చర్చి వైరింగ్ చూపించేదాకా ఆ పాయింట్ మీద వాయించకండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను ఎవరైనా పీకేశారేమో, ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎర్త్ వైరు అసలు ఉందో లేదో అదే చేత్తో చూపించండి. ఎర్త్ సరైతే హమ్ కూడా చాలావరకు దిగుతుంది. అప్పటికీ మిగిలితే కవర్ విప్పి లోపల రాగి రేకు అతికిద్దాం, ఫొటో పెట్టండి.

కాకినాడ కుర్రాడు:
ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇప్పుడే విప్పి చూశాను అన్నా. లోపల రెండే వైర్లు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తానన్నాడు.