సినిమా నచ్చలేదు సరే, ఎక్కడ చెడిందో పట్టుకోవడం ఎలా?

చివరివరుస:

కొత్త సినిమాల మీద సరదాగా రివ్యూలు రాస్తుంటాను. బాగున్న సినిమా గురించి రాయడం తేలికే, నిరాశపరిచిన సినిమా దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. "సెకండాఫ్ సాగింది", "ఎమోషన్ పండలేదు", "గ్రాఫిక్స్ తేలిపోయాయి", "బీజీఎం హోరు" అనే నాలుగు ముక్కలు ఏ సినిమాకి అతికించినా సరిపోతున్నాయి. అంటే అవి ఏ సినిమా గురించీ ఏమీ చెప్పడం లేదన్నమాటే.

సాగదీత రాతలో ఉందా, ఎడిటింగ్‌లో ఉందా అన్నది ఎలా తేల్చాలి? మాటలు సరిగ్గా వినపడకపోతే, బొమ్మ మసకగా ఉంటే అది సినిమా తప్పా, హాలు తప్పా? గ్రాఫిక్స్ బాలేదంటే ఏం బాలేదని రాయాలి?

ఒక ఉదాహరణ ఇస్తాను. 2 గంటల 38 నిమిషాల థ్రిల్లర్. హీరో అన్నని చంపింది ఎవరో గంటా యాభై నిమిషాల దగ్గర తెలుస్తుంది. ఆ సీను బాగా తీశారు, నటన బాగుంది, వాన, చీకటి అన్నీ కుదిరాయి. అయినా ఏమీ అనిపించదు. ఇలాంటిదాన్ని ఎలా విడమర్చాలి?

సీనుకాగితం:

మీ ఉదాహరణతోనే మొదలుపెడతానండీ. విసుగు పుట్టిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు. గంటా యాభై దగ్గర సీను చల్లబడిందంటే ఆ సీనుని వదిలేసి మొదటి అరగంటకి వెళ్లండి. అన్న బతికుండగా ఎన్ని సీన్లున్నాయి? వాటిలో ఏం చేశాడు? తమ్ముడికి ఫీజు కట్టాడు, పక్కింటి పిల్లకి చాక్లెట్ ఇచ్చాడు, నవ్వాడు, అంతేనా? అయితే కథ అతనికి మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చిందే తప్ప మనిషిని పరిచయం చేయలేదు. అన్నదమ్ముల మధ్య తెగని గొడవ ఒకటి ఉండాలి, లేదా ఇంట్లో అన్న ఒక్కడే చేసే పని ఒకటి ఉండాలి. అతను పోయాక ఆ ఖాళీ తెర మీద కనపడాలి. అది లేకపోతే హంతకుడి పేరు ఎంత వానలో చెప్పినా తగలదు.

రెండోది అనుమానితుల లెక్క. ముగ్గురున్నారనుకోండి. గంటా పది నిమిషాలకల్లా ఇద్దరిని కథే తప్పించేస్తే మిగిలినవాడెవడో హాల్లో అందరికీ తెలిసిపోయినట్టే. హీరోకి మాత్రం గంటా యాభైకి తెలుస్తుంది. ఆ నలభై నిమిషాలూ హీరో ఎప్పుడు వచ్చి కలుస్తాడా అని ప్రేక్షకుడు ముందు నిలబడి ఎదురుచూస్తాడు. మీరు "సాగింది" అని రాసింది ఆ నలభై నిమిషాల గురించే అయ్యుండొచ్చు. ముందే తెలియడం తప్పేం కాదు, సస్పెన్స్ అంతా దాని మీదే నడుస్తుంది. కానీ అప్పుడు "ఎవరు?" అన్న ప్రశ్న పోయి "తెలిసేలోపు హీరో ఏం పోగొట్టుకుంటాడు?" అన్న ప్రశ్న రావాలి. సినిమా ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉంటే గాలి దిగిపోతుంది.

రాత తప్పా కాదా అన్నది తేల్చడానికి కాగితం మీద చేసే పని ఒకటుంది. హాలు నుంచి రాగానే, మర్చిపోకముందే, గుర్తున్న సీన్లన్నీ వరసగా ఒక్కో లైనులో రాయండి: ఎవరికి ఏం కావాలి, సీను అయ్యేసరికి ఏం మారింది. తర్వాత ప్రతి రెండు సీన్ల మధ్యా ఒక మాట పెట్టి కలపండి. "అందుకే" గానీ "అయితే" గానీ కుదిరితే కథ నడుస్తున్నట్టు. "ఆ తర్వాత" తప్ప ఇంకేమీ కుదరకపోతే అక్కడ సీన్లు పక్కపక్కన పేర్చారంతే. ఒకటి రెండు "ఆ తర్వాత"లు ఏ సినిమాలోనైనా ఉంటాయి. వరసగా ఐదారు వచ్చిన చోట గీత గీయండి. ప్రపంచంలో ఏ ఎడిటరూ ఆ చోటుని కత్తిరించి బాగుచేయలేడు, ఎందుకంటే కత్తిరిస్తే ఏమీ మిగలదు.

గుర్తురాని సీన్లు కూడా సమాచారమే. మరుసటి రోజు ఇంకోసారి రాసి చూడండి. రెండుసార్లూ జారిపోయిన సీను సినిమాలో లేకపోయినా నష్టం లేనిదై ఉంటుంది.

కత్తెర:

సీనుకాగితం గారు చెప్పినదానికి ఎడిటింగ్ వైపు నుంచి. ఎడిటింగ్ సాగదీత సీన్ల మధ్య కాదు, సీను లోపల ఉంటుంది. కారు వస్తుంది, ఆగుతుంది, తలుపు తీస్తాడు, మెట్లెక్కుతాడు, బెల్లు కొడతాడు, ఆవిడ తలుపు తీస్తుంది, కూర్చుంటాడు. "మీ అబ్బాయి ఆ రోజు ఊళ్లో లేడు కదా?" అన్న మాట రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర వస్తుంది. సీనుకి ప్రాణం ఆ మాటే. ఆవిడ ముఖం మారింది, మనకి అర్థమైంది. అయినా సీను ఇంకో ఇరవై సెకన్లు కదలదు. లేచి, దండం పెట్టి, మళ్లీ కారెక్కేదాకా చూపిస్తారు. ఇలాంటివి ఇరవై సీన్లుంటే, ఒక్కోదాంట్లో ముప్ఫై సెకన్లు పోయినా పది నిమిషాలు. రివ్యూలో "పది నిమిషాలు ట్రిమ్ చేయొచ్చు" అని ఊరికే అనకుండా ఇలాంటి ఒక్క సీను చూపించండి, చాలు.

కట్లు ఎక్కువైనా విసుగొస్తుంది, ఇది చాలామంది గమనించరు. ఫైట్లో ఒక నిమిషం పాటు కట్లు లెక్కపెట్టండి. ముప్ఫై వస్తే సగటు షాటు రెండు సెకన్లు. అది తప్పు కాదు. ఎవరు ఏ మూల ఉన్నారు, తలుపు ఎటుంది అని ముందే ఒక వెడల్పు షాటులో చూపించి ఉంటే రెండు సెకన్ల షాట్లు కూడా అర్థమవుతాయి. చూపించకుండా, కెమెరా ఇద్దరి మధ్య ఉండే ఊహాగీతని అటూ ఇటూ దాటేస్తే ఎడమనున్నవాడు కుడికొస్తాడు. కన్ను ప్రతి కట్‌కీ కొత్తగా వెతుక్కోవాలి. రెండు నిమిషాలకి అలసిపోయి వెతకడం మానేస్తుంది. "ఫైట్లు థ్రిల్ లేవు" అన్నదాని వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

అతుకులు కూడా కనిపెట్టొచ్చు. ముఖ్యమైన సమాచారం పాత్ర వీపు కనిపిస్తుండగా వినపడటం, మొదట్లో వచ్చిన వాయిస్ ఓవర్ మళ్లీ రాకపోవడం, ఒకే సంభాషణలో గడ్డం పొడవు మారడం, ఇద్దరూ ఒక్క ఫ్రేములోనూ కలిసి కనిపించకపోవడం. ఇవి తర్వాత సరిచేసిన గుర్తులు కావచ్చు. ఎందుకు సరిచేశారో మాత్రం తెర చెప్పదు. డేట్లు దొరక్కపోవచ్చు, వాన పడి ఉండొచ్చు. కాబట్టి "రీషూట్లు చేశారట" అని రాయకండి, "ఈ సమాచారం వీపు మీద వినిపించారు, అందుకే అతికించినట్టుంది" అని రాయండి. కనిపించినదాని గురించి మాట్లాడే హక్కు మనకి పూర్తిగా ఉంది.

నాదం_నిశ్శబ్దం:

మాటలు వినపడకపోవడం గురించి. 5.1 మిక్స్‌లో (మాటలు, సంగీతం, చప్పుళ్లు కలిపి ఐదు వైపుల స్పీకర్లకీ, ఒక బాస్ స్పీకర్‌కీ పంచే పద్ధతి) సంభాషణ దాదాపు అంతా తెర వెనక మధ్య స్పీకర్ నుంచే వస్తుంది. అందుకని ముందు ఇది చూడండి: సినిమాకి ముందు వేసిన ట్రైలర్లలోనూ మాటలు ముద్దగా ఉన్నాయా? ఉంటే హాలు మీద అనుమానపడండి. సినిమాలో సంగీతం లేని సీన్లలో మాటలు స్పష్టంగా ఉండి, సంగీతం మొదలవగానే మునిగిపోతుంటే అది మిక్సింగ్ తప్పు. ఒక్క నటుడి మాటలే అర్థం కాకపోతే ఉచ్చారణో, రికార్డింగో, డబ్బింగో. ఈ మూడు సందర్భాలకీ రాయాల్సిన వాక్యాలు వేరువేరు.

హాల్లో సౌండు స్థాయికి ఒక ప్రమాణం ఉంది. ప్రాసెసర్ (హాలు సౌండుని నడిపే పెట్టె) మీద ఫేడర్ (సౌండు పెంచి తగ్గించే నాబ్) 7 దగ్గర ఉంటే, పరీక్షా శబ్దానికి తెర వెనక ఒక్కో స్పీకర్ 85 డెసిబెల్స్ ఇవ్వాలి. సినిమాని మిక్స్ చేసేది ఆ లెక్కలోనే. హోరుగా ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే 5కి దించేస్తారు. ఒక్కో అంకెకి 3.3 డెసిబెల్స్ చొప్పున ఆరున్నరకి పైనే పోతుంది. పేలుళ్లకి ఏమీ కాదు. గుసగుసలు మాత్రం ఏసీ చప్పుడు కింద పడిపోతాయి. అంటే హోరు మిక్స్ ఒకటి, తగ్గించిన ఫేడర్ ఒకటి కలిసి మాటల్ని చంపేస్తాయి. ఇక్కడ తప్పు ఇద్దరిదీ.

డబ్బింగ్‌లో పెదవి తేడా కంటే గది తేడా, అంటే సీను జరిగే చోటుకీ గొంతు రికార్డు చేసిన గదికీ వినికిడిలో ఉండే తేడా, ఎక్కువ చెడగొడుతుంది. పొలం గట్టు మీద అరుస్తున్న మనిషి గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తే మనసు ఆ సీనుని నమ్మదు, ఎందుకు నమ్మలేదో కూడా చెప్పలేదు.

తెర వెలుతురు: 2డి బొమ్మకి తెల్లటి తెర మధ్యలో 14 ఫుట్‌లాంబర్ట్‌లు, అంటే 48 నిట్లు ఉండాలి (రెండూ తెర వెలుతురుని కొలిచే యూనిట్లే). పాత ల్యాంపు వల్ల తగ్గుతుంది. 3డి ఫిల్టర్ తీయకుండా 2డి వేస్తే ఇంకా ఘోరంగా తగ్గుతుంది. మీటరు లేకుండా చూడాలంటే ఎండ్ టైటిల్స్‌లో తెల్ల అక్షరాలు చూడండి. బూడిద రంగులో ఉంటే "ఛాయాగ్రహణం మసక" అని రాయకముందు ఇంకో హాల్లో చూసినవాళ్లని అడగండి. ఏ ఫార్మాట్‌లో చూశారో కూడా రివ్యూలో రాయాలి. 2012లో "ది హాబిట్" మొదటి భాగాన్ని కొన్ని హాళ్లలో సెకనుకి 48 ఫ్రేములతో వేసినప్పుడు, చాలామందికి అది టీవీ వీడియోలా అనిపించింది. మామూలు 24 ఫ్రేములతో చూసినవాళ్లకి ఆ ఇబ్బందే లేదు.

పచ్చతెర:

గ్రాఫిక్స్ సంగతి క్లుప్తంగా. ముందు కాళ్లు చూడండి. నేలని తాకిన చోట నీడ లేకపోతే ఎంత డబ్బు పెట్టినా బొమ్మ గాల్లో తేలినట్టే ఉంటుంది. తర్వాత ముఖం మీద వెలుతురు ఎటు నుంచి పడుతోంది, వెనక ఆకాశంలో సూర్యుడు ఎటున్నాడు అన్నది చూడండి. రెండూ కలవకపోతే షూటింగ్ రోజే తప్పు జరిగింది. వెనక ఏ దృశ్యం వస్తుందో తేల్చకుండా పచ్చతెర ముందు లైట్లు పెట్టేశారు. దాన్ని కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్ల మీద రుద్దకండి, వాళ్లకి చేతికొచ్చిందే అది.

బరువు మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. 20 మీటర్ల ఎత్తు నుంచి రాయి పడటానికి రెండు సెకన్లు పడుతుంది, అంటే సెకనుకి 24 చొప్పున 48 ఫ్రేములు. అంత ఎత్తున్న రాక్షసుడు అరసెకనులో కూలిపోతే కన్ను వాణ్ని బొమ్మగా లెక్కేస్తుంది, చర్మం మీద రంధ్రాలు ఎంత బాగా చెక్కినా సరే. "తేలిపోయింది" అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. అలా రాయండి: "అంత పెద్ద ఆకారం అంత తొందరగా పడింది, అందుకే బరువు లేదు."

రెండోఆట:

అందరూ మళ్లీ చూడమంటారు గానీ నేను కొంచెం వేరే మాట చెబుతాను. తీర్పు మొదటిసారి చూసినదాన్ని బట్టే ఉండాలి. రెండోసారి చూడటం కారణం వెతకడానికి మాత్రమే. కథ తెలిశాక చూస్తే తప్పులన్నీ తెలివిగా కనిపించే ప్రమాదం ఉంది, బాగున్నవి పాతబడే ప్రమాదమూ ఉంది. మొదటిసారి హాల్లో ఫోన్ తీయకుండా చిన్న కాగితం మీద పెద్ద అక్షరాలతో, చీకట్లోనే, రెండు మూడు మాటలు గీకితే చాలు.

రాసేటప్పుడు కథ వంద మాటలు దాటనివ్వకండి. ఒకే ఒక్క ప్రధాన ఫిర్యాదు, దానికి రెండు సీన్ల సాక్ష్యం. మిగతా చిన్న తప్పులు ఏకరువు పెడితే పెద్దది మరుగున పడుతుంది. సినిమా మొదటి పావుగంటలో తానేం చూపిస్తానని మాటిచ్చిందో దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. ట్రైలర్‌ని కాదు, ట్రైలర్ చేసేది వేరేవాళ్లు కావచ్చు. నటుల ఒంటి రంగు, లావు, వయసు గురించి ఒక్క మాటా వద్దు. "కాపీ" అనాలంటే పక్కపక్కన పెట్టి చూపించగలిగితేనే అనండి.

చివరివరుస:

అందరికీ ధన్యవాదాలండీ. సీన్ల జాబితా రాశాను. అన్నకి ఉన్నవి రెండే సీన్లు, రెండింట్లోనూ తమ్ముడికి ఏదో ఇస్తాడు. గంటా ఐదు నుంచి గంటా నలభై దాకా వరసగా ఏడు "ఆ తర్వాత"లు వచ్చాయి. అనుమానితుల్లో ఇద్దరు గంటా పన్నెండుకే తప్పుకున్నారు. ఒక్క సందేహం: ఇదంతా హంతకుడెవరో చెప్పకుండా రాయడం ఎలా?

సీనుకాగితం:

పేరు అక్కర్లేదు, సంఖ్య చెబితే చాలు. "ముగ్గురు అనుమానితుల్లో ఇద్దరిని సగంలోనే వదిలేసి, హీరోని మాత్రం ఇంకో అరగంట పైగా తిప్పారు" అని రాయండి. చూడనివాళ్లకి ఎవరో తెలియదు, చూసినవాళ్లకి ఏ అరగంటో వెంటనే గుర్తొస్తుంది. అన్న సంగతికి దాపరికమే అవసరం లేదు, అది మొదటి ఇరవై నిమిషాల్లోదే. ఆ రెండు సీన్లనీ ఉన్నదున్నట్టు వర్ణించి అక్కడే ఆపేయండి, ఎందుకు తగల్లేదో చదివేవాళ్లకే తెలుస్తుంది.